హైదరాబాద్ పాతబస్తీని ఒక్కరే ఒక్క రోజులో చూడటం ఎలా?

ఒక్క రోజులో గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అన్నీ చుట్టేయాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదని ముందే చెప్పేస్తున్నా. వాళ్ల కోసం కారు ప్యాకేజీలు ఉన్నాయి. సగం రోజు సిగ్నళ్ల దగ్గర గడిపి, దిగిన చోటల్లా ఒక ఫొటో తీసుకుని, సాయంత్రానికి నడుము పట్టేసి తిరిగి రావచ్చు. అదే రోజు రామోజీ ఫిల్మ్ సిటీ కూడా కలిపేవాళ్లున్నారు, వాళ్లకో దండం.

ఒక్కరే వస్తే పాతబస్తీ ఒక్కటే పెట్టుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియం, మదీనా చౌరస్తా, చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్ అన్నీ నడిచి తిరిగే దూరంలోనే ఉంటాయి. నలుగురితో వస్తే నడుద్దామంటే ఇద్దరు మూతి ముడుస్తారు. ఒంటరిగా ఆ గొడవ ఉండదు.

1. రోజు

శుక్రవారం వద్దు. మ్యూజియం, చౌమహల్లా రెండూ ఆ రోజు సెలవు. ఆదివారం కూడా వద్దు, జనాన్ని చూడటానికే అయితే సరే. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి చూసుకోండి.

2. సామాను

అలవాటైన చెప్పులు, నీళ్ల బాటిల్, పవర్ బ్యాంక్, కాస్త చిల్లర. అంతే. పెద్ద బ్యాగు ఉంటే రైల్వే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. తాళం లేని బ్యాగు తీసుకోరు, రైలు టికెట్ కూడా చూపించాలి. ఆడవాళ్లకు ఇంకో మాట: తెలంగాణ సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇక్కడి అడ్రస్‌తో గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే. ఆంధ్రా ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతారు, వాదించి లాభం లేదు.

3. చేరుకోవడం

మెట్రోలో ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గరి స్టేషన్‌కు రండి. సికింద్రాబాద్ వైపు నుంచి గ్రీన్ లైన్, నాంపల్లి నుంచి రెడ్ లైన్. విజయవాడ, కర్నూలు ఆర్టీసీ బస్సుల్లో వచ్చేవాళ్లు చాలావరకు ఎంజీబీఎస్‌లోనే దిగుతారు. అక్కణ్నుంచి మ్యూజియానికి ఆటో. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. ఉదయం పదికి, గేటు తీసేసరికి అక్కడ ఉండాలి.

4. మ్యూజియంలోంచి బయటపడటం

రోజంతా చెడేది ఇక్కడే, కాబట్టి ఇది నెమ్మదిగా చదవండి.

సాలార్‌జంగ్‌లో ముప్పైకి పైగా గ్యాలరీలు ఉన్నాయి. అందులో చాలావరకు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్, జీవితమంతా పోగేసిన వస్తువులే. జనం ఏం చేస్తారంటే, మొదటి గది నుంచి వరుసగా మొదలుపెట్టి ప్రతి బోర్డూ చదువుతారు. పింగాణీ, గడియారాలు, చేతికర్రలు, దంతపు కుర్చీలు. రెండింటికి కాళ్లు లాగేస్తాయి, ఆకలి దంచేస్తుంది. తిని చౌమహల్లాకు పరిగెత్తేసరికి టికెట్ కౌంటర్ మూసేస్తారు. ఇక మిగిలేది చార్మినార్ దగ్గర సాయంత్రం రద్దీ.

కుటుంబంతో వస్తే పిల్లాడు ఏడుస్తాడు, అత్తయ్య మోకాళ్లంటుంది, ఎవరో ఒకరు బయటకు లాగుతారు. ఒంటరిగా వచ్చినవాళ్లను లాగేవాళ్లు ఉండరు. ‘ఇంకొక్క గది’ అనుకుంటూ సాయంత్రం చేసేస్తారు. అందుకే ఈ క్రమం తప్పొద్దు.

పదికి లోపలికి వెళ్లగానే నేరుగా ముసుగు రెబెక్కా దగ్గరికి. దారిలో ఏదీ చూడొద్దు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది. ముసుగూ రాయే, దాని కింద ముఖమూ రాయే, అయినా తడిబట్టలోంచి చూసినట్టు ముక్కు, పెదవులు తెలుస్తుంటాయి. అందరూ ఎదురుగా నిలబడి సెల్ఫీ తీసుకుంటారు. మీరు పక్కకు వెళ్లి చూడండి, ముసుగు మడతలు అక్కణ్నుంచే బాగా కనిపిస్తాయి. ఆలస్యమైతే ఆ పక్కన నిలబడే చోటే దొరకదు.

పదీ నలభైకల్లా సంగీత గడియారం ముందు కూర్చోవాలి. గంట కొట్టే వేళకు చిన్న తలుపులోంచి గడ్డం బొమ్మ ఒకటి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. జనం దానికోసమే ఫోన్లు ఎత్తుతారు. అదే గడియారంలో ఒక కమ్మరి క్షణక్షణానికీ సుత్తి కొడుతూనే ఉంటాడు, అతణ్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ముందే కూర్చుంటే ఆ ఇరవై నిమిషాలూ అతనే మీకు కాలక్షేపం. పన్నెండు గంటలదే చూడాలని చాలామంది చెబుతారు, పన్నెండు దెబ్బలు కదా అని. వాళ్ల మాట వినొద్దు. ఆ వేళకు స్కూలు పిల్లలు, టూరిస్టు బస్సులు అన్నీ అక్కడే ఉంటాయి. పదకొండు దెబ్బలు చాలు.

తర్వాత ఒక గంట, రెండే రెండు వస్తువులు. ఒకటి, ఒకే దుంగలో ముందు మెఫిస్టాఫిలిస్, వెనక మార్గరెటా ఉన్న చెక్కబొమ్మ. జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’లో అతను సైతాను, ఆమె అమాయకురాలు. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. రెండోది, నూర్జహాన్ బాకు. పన్నెండుకు గేటు బయట ఉండాలి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అంత దూరం వచ్చి మిగతావి వదిలేయాలా అంటారా? వదిలేయాలి. సాలార్‌జంగ్ జీవితాంతం పోగేసినవి మనం ఒక్క పూటలో చూసేద్దామనుకోవడమే అత్యాశ.

గైడ్ కూడా వద్దు. గైడ్ వస్తే వరుస క్రమమే నడుస్తుంది.

5. భోజనం

మదీనా దగ్గర బిర్యానీ. ‘సింగిల్’ అని అడగండి. అదే ఒక మనిషికి ఎక్కువ. మిగిలినది పార్శిల్ కట్టించుకుని రోజంతా మోయకండి.

6. చౌమహల్లా

చార్మినార్ దారిలోనే వస్తుంది, అయినా ఆగకుండా ముందు ఇక్కడికి రండి. ప్యాలెస్ ఐదింటికి మూసేస్తారు, చార్మినార్ రోడ్డు మీద ఎప్పుడైనా కనిపిస్తుంది. దర్బారు హాల్లో పందొమ్మిది షాండ్లియర్లు, వెనక పాత కార్లు, మధ్యలో నీటి కొలను. కాసేపు కూర్చోవడానికి పాతబస్తీలో ఇంతకంటే నెమ్మదైన చోటు లేదు.

7. లాడ్‌బజార్, చార్మినార్

నాలుగింటికి లాడ్‌బజార్ మీదుగా వెనక్కి. ఇంట్లోవాళ్లకు లక్క గాజులు కొనాలంటే వాళ్ల పాత గాజు ఒకటి జేబులో తెచ్చుకోండి. ‘మా అక్కకు, ఇంచుమించు ఇంత’ అని వేళ్లతో చూపిస్తే సైజు కుదరదు, మార్చుకోవడానికి మళ్లీ ఎవరు వస్తారు? బేరం మూడో షాపు నుంచి మొదలుపెట్టండి. మొదటి రెండింట్లో రేట్లు వినండి చాలు.

చార్మినార్ 1591 నాటిది. మెట్లు ఇరుకు, నిటారు. టికెట్ కొని పైకి వెళ్లండి, అక్కణ్నుంచి మక్కా మసీదు ఆవరణ మొత్తం కనిపిస్తుంది. మసీదులోకి వెళ్లాలనుకుంటే షార్ట్స్ వేసుకుని రావొద్దు. కిందికి దిగాక నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. నిలబడే తాగాలి.

8. తిరుగు ప్రయాణం

చార్మినార్ కింద నిలబడి క్యాబ్ బుక్ చేయకండి. డ్రైవర్ ఫోన్ చేసి ‘భయ్యా, మదీనా తక్ ఆజావ్’ అంటాడు, ఎలాగూ నడవాల్సిందే. గుల్జార్‌హౌజ్, పత్తర్‌గట్టి మీదుగా మీరే మదీనా దాకా నడిచి, నయాపూల్ వంతెన దాటాక ఆటో ఎక్కండి. రాత్రి రైలు ఉంటే ఏడింటికల్లా మెట్రోలో ఉండాలి. క్లోక్‌రూమ్ రసీదు పర్సులో కాకుండా చొక్కా జేబులో పెట్టుకోండి.