అద్దె కోసం మొదటి ఫ్లాటు: అడ్వాన్సు ఇచ్చేముందు

"అద్దె ఎలాగూ వస్తుంది, దానికి ఇంకాస్త కలిపి ఈఎంఐ కట్టేద్దాం" అనుకుని ఫ్లాటు కొంటే, ఆ ఇంకాస్తే అద్దెకంటే ఎక్కువని మొదటి నెలలోనే తెలిసొస్తుంది. హైదరాబాద్‌లో ఒక పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటునే ఉదాహరణగా తీసుకుందాం. 1,100 చదరపు అడుగులు, ధర 60 లక్షలు, అద్దె నెలకు 20,000. మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లే కట్టుకుంటారు.

తెలంగాణలో 2021 జులై సవరణ తర్వాత స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. అంటే 4.5 లక్షలు. రంగులు, ఫ్యాన్లు, గీజరు, కారే కుళాయిలకు 1.5 లక్షలు వేసుకోండి. మొత్తం 66 లక్షలయింది.

ఇప్పుడు రాబడి చూడండి. ఏడాదికి 2,40,000 అనుకుంటాం. అందులో ఒక నెల ఖాళీ పోతే 20,000, ఆ నెల మెయింటెనెన్స్ మన నెత్తినే కాబట్టి 3,000, బ్రోకరుకు 10,000, ఆస్తి పన్ను 5,000, రిపేర్లకు 15,000 తీసేయండి. మిగిలేది 1,87,000. పెట్టిన 66 లక్షల మీద 2.8 శాతం చిల్లర. బ్యాంకు ఎఫ్‌డీ కంటే తక్కువే. మిగతా లాభమంతా స్థలం ధర పెరగడం మీదే ఆధారపడింది. కాబట్టి ఆ ఏరియా పెరుగుతుందన్న నమ్మకం లేకపోతే అద్దె కోసం మాత్రమే ఫ్లాటు కొనడం దండగ.

లోను సంగతికొస్తే, 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇవ్వొచ్చు. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలవదు. మన ఫ్లాటుకు గరిష్ఠంగా 48 లక్షలు వస్తాయి, చేతి డబ్బు 18 లక్షలు కావాలి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు లక్షకు ఈఎంఐ సుమారు 868 రూపాయలు. 48 లక్షలకు 41,660. మొదటి నెల వడ్డీయే 34,000. అద్దె వడ్డీకే చాలదు.

లెక్కను అటునుంచి ఇటు తిప్పండి. ఖర్చులు పోను నెలకు 15,600 మిగులుతోంది. దాన్ని 868తో భాగిస్తే 18. అద్దె తన ఈఎంఐ తాను కట్టుకోవాలంటే లోను 18 లక్షలు దాటకూడదు. ఎంత దాటితే అంత జీతంలోంచి పోతుంది. ఆ మొత్తం పదేళ్లు భరించగలరా అన్నదే అసలు ప్రశ్న. దీంతోపాటు ఆరు ఈఎంఐల డబ్బు విడిగా ఉంచుకోకుండా దిగొద్దు.

ఈ లెక్కలో అద్దె అంకె తప్పితే అంతా తప్పుతుంది. యాప్‌లలో కనిపించేది ఓనర్లు అడిగే అద్దె, వచ్చే అద్దె కాదు. అసలు అంకె వాచ్‌మన్‌కు తెలుసు. ఏ ఫ్లాటు ఎన్ని నెలలుగా ఖాళీగా ఉంది, ఎంతకు దిగారు, ఎందుకు ఖాళీ చేశారు అని టీ తాగుతూ అడగండి. బ్రోకరు వెంట ఉన్నప్పుడు మాత్రం అడగొద్దు. ఒకే అపార్ట్‌మెంటుకు మూడు టూలెట్ బోర్డులు వేలాడుతుంటే నీళ్లో, పార్కింగో, అసోసియేషన్ గొడవో ఏదో ఉందన్నమాట.

ఫ్లాటును ఉదయం ఏడింటికి ఒకసారి చూడండి. అందరూ స్నానాలు చేసే వేళ పై అంతస్తు షవరులో నీళ్లు ఎలా పడుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో అడగండి, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోకే వస్తుంది. బాత్రూమ్ సీలింగులో ఒక్క మూలకే కొత్త రంగు వేసి ఉంటే పైఫ్లాటు నుంచి నీరు దిగుతోందని అనుమానించండి. బాగుచేయాలంటే పైవాళ్ల నేల తవ్వాలి, వాళ్లు ఒప్పుకోరు. అక్కడ బేరం కాదు, ఆ ఫ్లాటే వదిలేయడం మేలు.

కాగితాల్లో 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాను ప్రకారమే ఉంది, ఉండొచ్చు అని ఇచ్చేది) లాయరుకు చూపించాల్సిందే. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) గానీ, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ జోన్‌లో గానీ ఉందేమో చూడమనండి. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది పెంట్‌హౌస్ దగ్గర. ప్లానులో ఐదంతస్తులుంటే ఆరోది తక్కువ ధరకు అమ్ముతారు. దానికి బ్యాంకు లోను రాదు. మళ్లీ అమ్మబోతే కొనేవాడికీ రాదు. డాక్యుమెంటులో మీ వాటా స్థలం ఎన్ని గజాలో, కారు పార్కింగు రాసి ఉందో లేదో మీరే చదవండి.

అడ్వాన్సు 20,000 గానీ అంతకుమించి గానీ నగదుగా ఇవ్వడం చట్టరీత్యా కుదరదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి కట్టాల్సింది కొనేవారే. అమ్మేవారు ఎన్ఆర్ఐ అయితే కోత ఇంకా చాలా ఎక్కువ, ఆడిటరు లేకుండా ముందుకెళ్లొద్దు. కడుతున్న ఫ్లాట్లలో చాలావాటికి 5 శాతం జీఎస్టీ ఉంది. రీసేల్‌కు లేదు. ఇక రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేని ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే చేసే అమ్మకం) జోలికి పోనే పోవద్దు.

అద్దె ఆదాయంలోంచి కట్టిన ఆస్తి పన్ను తీసేశాక, మిగిలినదాంట్లో 30 శాతం బిల్లులేమీ చూపకుండానే మినహాయింపు వస్తుంది. ఆపైన లోను వడ్డీ. వడ్డీ ఎక్కువై నష్టం తేలితే పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతంలో సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి కొనే ఎన్ఆర్ఐలకు మరో చిక్కుంది. అద్దె కట్టేవారే 31.2 శాతం టీడీఎస్ కోయాలి. ఆ పని తెలియక కొందరు ఎన్ఆర్ఐ ఓనరంటేనే వద్దంటారు.

అద్దెకిచ్చేటప్పుడు అగ్రిమెంటు సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. అందులో అద్దె ఏ తేదీలోపు ఇవ్వాలి, ఏటా ఎంత శాతం పెరుగుతుంది, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల నోటీసు, రంగులకు ఎంత కోస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. రంగుల కోత ముందు చెప్పకపోతే గొడవ ఖాయం. హైదరాబాద్‌లో అడ్వాన్సు సాధారణంగా రెండు నెలలే. చివరి రెండు నెలల అద్దె అందులో సర్దుకోమంటే కరెంటు బిల్లుకూ, విరిగిన తలుపుకూ ఏమీ మిగలదు. అందుకే అడ్వాన్సును అద్దెలో జమ చేయబోమని రాయించండి.

"వెజ్ మాత్రమే, ఫ్యామిలీ మాత్రమే" అని బోర్డు పెట్టే హక్కు మీదే. ఒక నెల ఖాళీ అంటే ఖర్చులు పోను మిగిలే ఏడాది రాబడిలో దాదాపు తొమ్మిదో వంతు పోయినట్టని మాత్రం గుర్తుంచుకోండి.

తాళం ఇచ్చే రోజు గదిగదికీ వీడియో తీసి, కరెంటు మీటరు రీడింగు ఫొటోతో పాటు వాళ్లకే వాట్సాప్‌లో పంపండి. బకాయి ఉంటే సర్వీసు నంబరు మీదే పడుతుంది, ఆ నంబరు మీది. ఖాళీ చేసే రోజు మీటరు చూసి, చివరి బిల్లు తీసేసుకున్నాకే అడ్వాన్సు వెనక్కివ్వండి.