మూడు ఫెర్మియాన్లు, ఒక లాప్‌టాప్: ట్రాప్‌లోని అతిశీతల వాయువును లెక్కకట్టే పద్ధతి

అనంతపురం శ్రీకృష్ణదేవరాయలోనో, కడప యోగి వేమనలోనో, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు వెతుక్కుంటున్నవాళ్లకు ట్రాప్‌లో (అణువులను ఒకచోట పట్టి ఉంచే ఉచ్చు) ఉన్న కొద్దిపాటి ఫెర్మియాన్ల (ఒకే స్థితిలో రెండు ఇమడని కణాలు) శక్తిని కంప్యూటర్‌తో కట్టే ఈ లెక్క బాగా పనికొస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, పైథాన్, నంపై, సైపై ఉంటే చాలు. ఇది కాగితం మీది బొమ్మ వాయువు కూడా కాదు. 2011లో హైడెల్‌బర్గ్‌లో సెలిమ్ యోకిమ్ బృందం లిథియం-6 పరమాణువులను (ఇక్కడ అణువులంటే ఇవే) ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టినట్టే ట్రాప్‌లో నిలబెట్టి చూపించింది.

నమూనా ఇది: ఒకే దిశలో కదిలే అణువులు, హార్మోనిక్ ట్రాప్ (స్ప్రింగులా మధ్యకు లాగేది), స్పిన్ పైకున్న అప్ అణువుకూ కిందికున్న డౌన్ అణువుకూ మధ్య మాత్రమే డెల్టా ఫంక్షన్ తాకిడి (రెండూ ఒకే బిందువులో ఉన్నప్పుడే పనిచేసేది). దాని బలాన్ని జీ అందాం. ఒకే స్పిన్ ఉన్నవి పౌలీ నియమం వల్ల ఒకదాన్నొకటి తాకవు. ప్లాంక్ స్థిరాంకం, ద్రవ్యరాశి కోడ్‌లోకి రానివ్వకండి. శక్తిని ట్రాప్ క్వాంటమ్‌లలో, పొడవును ఆసిలేటర్ పొడవులో పెట్టుకోండి. 1.5 కిలోహెర్ట్జ్ ట్రాప్‌లో లిథియం-6కు ఆ పొడవు సుమారు 1.06 మైక్రోమీటర్లు, క్వాంటమ్ సుమారు 72 నానోకెల్విన్‌లు. వాయువు దీనికంటే బాగా చల్లగా ఉంటేనే గ్రౌండ్ స్టేట్ (అతి తక్కువ శక్తి స్థితి) లెక్కకు అర్థముంటుంది.

ముందు నాలుగేసి ఆర్బిటళ్ల (ట్రాప్‌లో ఒక్క అణువుకుండే స్థితుల తరంగ ప్రమేయాలు) లబ్ధాల ఇంటిగ్రళ్లు కట్టాలి, తాకిడి శక్తి వాటినుంచే వస్తుంది. హెర్మైట్ బహుపదులను ఫ్యాక్టోరియళ్లతో రాస్తే పెద్ద సూచికల దగ్గర అంకెలు పొంగిపోతాయి. నార్మలైజ్ చేసిన ప్రమేయాలకే పునరావృత్తి సూత్రం వాడండి: తర్వాతిది = √(2/(ఎన్+1)) × ఎక్స్ × ఇప్పటిది − √(ఎన్/(ఎన్+1)) × మునుపటిది. ఇంటిగ్రేషన్‌కు గాస్-హెర్మైట్ వాడండి. నాలుగు ప్రమేయాల లబ్ధంలో ఘాతం మైనస్ ఎక్స్ వర్గం కాదు, దానికి రెట్టింపు. అందుకే బిందువులనూ బరువులనూ √2తో భాగించాలి. ఇది మరిచిపోతే తప్పు నిశ్శబ్దంగా లోపలికి వస్తుంది. 20 ఆర్బిటళ్లకు బహుపది ఘాతం 76 దాకా వెళ్తుంది, 39 బిందువులతో జవాబు కచ్చితంగా వస్తుంది. నాలుగు సూచికలూ సున్నా అయినప్పుడు 0.39894 రావాలి, రెండు సున్నాలు, రెండు ఒకట్లు అయితే 0.19947. సూచికల మొత్తం బేసి అయితే ఇంటిగ్రల్ సున్నా, కాబట్టి లెక్కే వద్దు.

ఇక్కడితో ఆగి, ఒక అప్, ఒక డౌన్ లెక్క చేయండి. దీనికి 1998లో బుష్, సహచరులు ఇచ్చిన కచ్చితమైన పరిష్కారం ఉంది. సాపేక్ష చలన శక్తిని శ అనుకుంటే ఒకే దిశ ట్రాప్‌లో జీ = −2√2 × గామా(3/4 − శ/2) ÷ గామా(1/4 − శ/2). శ విలువ 1 పెడితే జీ 2.0921. ద్రవ్యకేంద్రం వాటా 0.5 కలిపితే మొత్తం శక్తి 1.5. ఈ ఒక్క అంకె రాకుండా మూడో అణువును కలపొద్దు.

మొదటిసారి అది రాదు కూడా. రెండు అణువుల సూచికల మొత్తాన్ని 20 దగ్గర కోస్తే (అంతకు మించిన స్థితులను వదిలేస్తే) 231 స్థితులు (సరి పారిటీవి, అంటే సూచికల మొత్తం సరిసంఖ్య అయినవి మాత్రమే ఉంచితే 121), శక్తి సుమారు 1.54. కోత 80కి పెంచినా 1.52 దగ్గరే ఆగుతుంది. ఇది బగ్ కాదు. అణువులు తాకే చోట తరంగ ప్రమేయానికి ఒక మొన ఉంటుంది. నున్నటి ఆర్బిటళ్లతో ఆ మొనను చెక్కడం కష్టం, అందుకే దోషం కోత వర్గమూలానికి విలోమంగా మాత్రమే తగ్గుతుంది. కోత నాలుగింతలు చేస్తే దోషం సగమవుతుంది, అంతే. దీనికి రెండు మందులు. ఒకటి, అనేక కోతల శక్తులను 1/√కోతకు ఎదురుగా గీసి సున్నా దాకా పొడిగించడం. రెండోది మా దృష్టిలో మేలైనది: ఆ కోతలో రెండు అణువుల శక్తి సరిగ్గా 1.5 వచ్చేలా జీనే తగ్గించుకోవడం. కోత 20కి అది సుమారు 1.826. మూడు, నాలుగు అణువులకు ఇది ఉజ్జాయింపే అయినా కోత పెంచేకొద్దీ శక్తి చాలా త్వరగా కుదురుకుంటుంది. ఒక మాట: జీని ఇలా మార్చాక శక్తి ఎప్పుడూ పైనుంచే దిగుతుందన్న భరోసా పోతుంది.

ఇక రెండు అప్, ఒక డౌన్. ప్రతి స్థితినీ రెండు బిట్ వరుసలుగా దాచండి, అప్‌కు ఒకటి, డౌన్‌కు ఒకటి. అణువును ఒక ఆర్బిటల్ నుంచి ఇంకోదానికి జరిపినప్పుడు, మధ్యలో నిండి ఉన్న అదే స్పిన్ గళ్లను లెక్కపెట్టండి. బేసి అయితే మైనస్ గుర్తు. ఎక్కువ ప్రాజెక్టులు బోల్తా పడేది ఈ గుర్తు దగ్గరే. పట్టుకునే ఉపాయం తేలిక: వర్ణపటంలో 4.5 దగ్గర ఒక మట్టం జీ ఎంతైనా కదలకూడదు. 0.5, 1.5, 2.5 ఆర్బిటళ్లలో మూడూ ప్రతిసౌష్ఠవంగా ఉన్న స్థితి అది. అందులో ఏ రెండు అణువులూ ఒకే చోట ఉండవు కాబట్టి డెల్టా దాన్ని తాకదు. జీని 1 నుంచి 5కి మార్చినప్పుడు ఆ 4.5 కాస్త జరిగినా గుర్తుల కోడ్ తప్పు, ఇంకేదీ వెతకొద్దు. గ్రౌండ్ స్టేట్ మాత్రం 2.5 దగ్గర మొదలై, చిన్న జీలకు 0.5984 వాలుతో పెరగాలి.

పరిమాణం సంగతి. 20 ఆర్బిటళ్లతో రెండు అప్, ఒక డౌన్‌కు 3,800 స్థితులు. మొత్తం మ్యాట్రిక్స్ 116 మెగాబైట్లే. రెండు, రెండు చేస్తే 36,100 స్థితులు, మ్యాట్రిక్స్ 10.4 జీబీ, లాప్‌టాప్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. అందుకే సున్నాలను వదిలేసే స్పార్స్ మ్యాట్రిక్స్, సైపైలోని ఈగ్‌ఎస్‌హెచ్ (eigsh) వాడాలి. దాని డిఫాల్ట్ అమరిక పరిమాణంలో పెద్ద ఐగెన్ విలువలను (మన లెక్కలో శక్తి మట్టాలు) ఇస్తుంది, మనకు కావాల్సినవి అతి చిన్నవి, కాబట్టి విచ్ (which) అన్నచోట ఎస్‌ఏ (SA) అని రాయండి. ఒకటే మట్టం అడగకుండా ఆరు అడగండి. జీ పెరిగేకొద్దీ మూడు అణువుల లెక్కలో కింది మూడు మట్టాలు 4.5 దగ్గర గుమిగూడతాయి, ఒక్కటే అడిగితే విడదీయడానికి తంటాలు పడుతుంది. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో ఫ్యాను గాలికి లాప్‌టాప్ చల్లబడక వేగం తగ్గించుకుంటుంది, కరెంటూ పోవచ్చు. ఒక్కో జీ పూర్తవగానే ఫలితాన్ని ఫైలులో రాయించండి.

శక్తి కుదిరాక గతిజ శక్తికి రెట్టింపు, మైనస్ ట్రాప్ శక్తికి రెట్టింపు, ప్లస్ తాకిడి శక్తి సున్నాకు దగ్గరగా వస్తోందా చూడండి. జీ మీద శక్తి వాలు, తాకిడి శక్తిని జీతో భాగించినదానికి సమానం కావాలి. ఈ రెండో పరీక్షలో కోడ్‌కు ఇచ్చిన జీనే వాడండి. సాంద్రత రేఖలు ఆ తర్వాతే గీయండి. జీ 10 దాటితే ఈ ఆర్బిటళ్లతో కుస్తీ పట్టకండి, 1/జీ శ్రేణితో అనంతం వైపు నుంచి రావడమే సులువు.