కుక్క మాట వినడం లేదా? ఇంట్లోవాళ్ల వంతు తేల్చుకుని సరిదిద్దడం ఎలా

కుక్క బుద్ధిగా ఉంటే మా పెంపకం అంటాం, పక్కింటివాళ్ల మీదికి ఎగిరితే దాని బుద్ధే అంత అంటాం. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పామేరియన్ పెంచేవాళ్లున్నారు, ఊరకుక్క పిల్లను తెచ్చి సాకేవాళ్లూ ఉన్నారు. ఎవరిదైనా లెక్క ఒకటే. ట్రైనర్‌ని పెట్టుకున్నా ఆయన ఉండేది రోజుకు ఓ గంట. మిగతా సమయమంతా కుక్కకు పాఠం చెప్పేది ఇంట్లోవాళ్లే, చెబుతున్న సంగతి వాళ్లకు తెలియకపోయినా సరే. అలాగని ప్రతి తప్పూ యజమాని నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఎంతవరకు మనది, ఎంతవరకు కాదు అన్నది తేల్చుకోవడంతోనే పని మొదలవుతుంది.

ముందు పశువైద్యుడికి చూపించండి

నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి తాకనివ్వకుండా గుర్రుమంటుంటే, ఇంట్లో మూత్రం పోస్తుంటే, అది పొగరు అనుకోకండి. చెవిలో చీము, పంటి నొప్పి, కీళ్ల నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఏదైనా కావచ్చు. ముసలి కుక్క పిలిస్తే రాకపోవడానికి చెవుడే కారణం కావచ్చు. నొప్పితో ఉన్న కుక్కకు ట్రైనింగ్ ఇవ్వడం దండగ. వెళ్లినప్పుడే రేబిస్ టీకా సంగతి కూడా చూసుకోండి. పిల్లకు మూడు నెలలు నిండేసరికి మొదటిది, తర్వాత డాక్టర్ చెప్పిన తేదీల్లో బూస్టర్లు.

మీ చేతిలో లేనిదేదో ఒప్పుకోండి

కుక్కపిల్లకు సుమారు మూడు వారాల నుంచి పధ్నాలుగు వారాల వయసు చాలా ముఖ్యం. ఆ రోజుల్లో మనుషుల్ని, పిల్లల్ని, బండ్లను, చప్పుళ్లను భయం లేకుండా చూసిన పిల్ల పెద్దయ్యాక తేలిగ్గా సర్దుకుంటుంది. ఆ వయసంతా బోనులో గడిపి మీ ఇంటికొచ్చిన కుక్క స్కూటర్‌ని చూసి వణికితే తప్పు మీది కాదు. ఆ భయాన్ని మెల్లగా తగ్గించే పని మాత్రం మీదే.

జాతి విషయంలో ఇంత సులువుగా తప్పించుకోలేం. ఏ కుక్కను తెచ్చుకోవాలో నిర్ణయించింది మనమే కదా. మంచు దేశాల్లో బండ్లు లాగడానికి పెంచిన హస్కీని తెచ్చి, మే నెల రాయగడ ఎండలో రోజంతా గదిలో ఉంచి, సోఫా చింపేస్తోందని ఫిర్యాదు చేస్తే వినేవాళ్లకు కుక్క మీదే జాలేస్తుంది.

జీతం ఎవరిస్తున్నారో కనిపెట్టండి

అసలు పని ఇక్కడుంది. కుక్క ఏ పనైనా మళ్లీ మళ్లీ చేస్తోందంటే దానికి అందులో ఏదో లాభం దొరుకుతోంది. ఒక వారం పాటు కాగితం మీద మూడు సంగతులు రాయండి: ముందు ఏం జరిగింది, కుక్క ఏం చేసింది, వెంటనే దానికి ఏం దక్కింది. మూడోదాన్ని ఎవరూ గమనించరు.

అన్నం తింటుంటే పక్కన చేరి మూలుగుతోందా? అందరూ ఛీ అంటారు, తాతగారు మాత్రం ఎప్పుడో ఒకసారి కంచంలోంచి ముద్ద జారవిడుస్తారు. రోజూ పెట్టినదానికంటే ఇలా అప్పుడప్పుడూ దొరికేదే అలవాటును గట్టిపరుస్తుంది. లాటరీ టికెట్ కొనేవాడు మానకపోవడానికీ కారణం ఇదే. మనిషి మీదికి ఎగురుతోందా? పిల్లలు కేకలు పెట్టి చేతులతో తోస్తారు, కుక్కకు అది ఆట. తాడు లాగుతోందా? లాగినప్పుడల్లా మీరూ ముందుకు నడుస్తున్నారు, కోరుకున్న చోటికి చేరుతోంది. గేటు దగ్గర మొరగడం ఇంకా చిత్రం. కొరియర్ అబ్బాయి పార్సిల్ ఇచ్చి వెళ్లిపోతాడు, తన అరుపుకే పారిపోయాడని కుక్క అనుకుంటుంది. అక్కడ ఎవరూ ఏమీ పెట్టకుండానే జీతం ముట్టింది. గేటు కనిపించకుండా అడ్డు కట్టడమో, గంట మోగగానే దాన్ని లోపలికి పిలిచి తినడానికి ఏదైనా ఇవ్వడమో అక్కడ పనిచేస్తుంది, కసిరితే కాదు.

పిలిస్తే రావడం లేదన్న ఫిర్యాదుకు కూడా జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది. ఎందుకు పిలిచారు? స్నానానికి, గొలుసు వేయడానికి, తిట్టడానికి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ఏదైనా ఇచ్చి మళ్లీ ఆడుకోనివ్వండి.

ఇంట్లో మూత్రం పోసి తల దించుకుందంటే తప్పు తెలుసుకుందని చాలామంది నమ్మకం. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 14 కుక్కలతో దీన్ని పరీక్షించారు. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ ముఖానికి సంబంధం కనిపించలేదు, యజమాని కోప్పడినప్పుడే అలా ఎక్కువగా కనిపించింది. అందుకే గంట తర్వాత చూసి తిట్టడం వల్ల మీ ముఖాన్ని చూసి భయపడటం తప్ప అది నేర్చుకునేదేమీ ఉండదు.

ఇంటిల్లిపాదికీ ఒకే మాట

మనవైపు ఇది పెద్ద చిక్కు. అమ్మమ్మ "కూర్చో" అంటుంది, పిల్లలు ఒడియాలో "బొసొ" అంటారు, నాన్న ఫోన్‌లో వీడియో చూసి "సిట్" అంటాడు. కుక్కకు ఏ భాషైనా ఒకటే, కానీ ఒక పనికి ఒక శబ్దమే ఉండాలి. కుక్కను ఎక్కువగా తిప్పేవాళ్ల భాషే పెట్టుకోండి. పనిలో సాయం చేసే ఒడియా అబ్బాయి తిప్పుతుంటే ఒడియా మాటలే మేలు. ఇంకో సంగతి, పిలవడానికి ఉత్త "రా" వద్దు. "ఏంట్రా, పోరా, వద్దురా" అంటూ పొద్దస్తమానం ఆ శబ్దం ఇంట్లో వినబడుతూనే ఉంటుంది. "ఇటొచ్చేయ్" లాంటి పొడుగు మాటో, ఈల శబ్దమో పెట్టుకోండి. మాటలన్నీ ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

మంచి పనికి వెంటనే ఇవ్వండి

కూర్చున్న ఒకటి రెండు సెకన్లలో అందాలి. ఆలస్యమైతే అప్పటికి లేచి నిలబడి ఉంటుంది, లేచినందుకే ఇచ్చారనుకుంటుంది. ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్, గుడ్డు, గోరంత ముక్కలు చాలు. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, వండిన ఎముకలు పెట్టకూడదు. భోజనానికి ముందు మూడు నాలుగు నిమిషాలు, రోజుకు రెండుసార్లు సరిపోతుంది. ముందు గదిలో, తర్వాత పెరట్లో, ఆ తర్వాతే వీధిలో. ఇంట్లో చక్కగా కూర్చున్న కుక్క బజారులో కూర్చోకపోతే మొండితనం కాదు, ఆ తరగతి ఇంకా చదవలేదంతే.

పాత అలవాటుకు జీతం ఆపేసిన మొదటి రోజుల్లో గోల పెరుగుతుంది. అందరూ ఓడిపోయేది అక్కడే. విసుగెత్తి అప్పుడు ముద్ద పెడితే ఇంకా గట్టిగా అరవాలని నేర్పినట్టే.

కొట్టొద్దు, గుర్రును ఆపొద్దు

గుర్రుమనడం హెచ్చరిక. అంతకంటే ముందే ముఖం తిప్పుకోవడం, పెదాలు నాక్కోవడం, ఒళ్లు బిగబట్టడం ఉంటాయి. గుర్రుమన్నందుకు కొడితే హెచ్చరిక మానేసి నేరుగా కరిచే కుక్క తయారవుతుంది. గుర్రుమంటే వెనక్కి తగ్గండి, ఎందుకు భయపడిందో చూడండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టి బాధపెట్టడమే కాదు, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా నేరమే.

గేటు దాటితే బాధ్యత మొత్తం మీదే

"మా కుక్క ఏమీ చేయదండీ" అన్న మాట ఎదుటివాళ్లకు ధైర్యం ఇవ్వదు, కుక్క మెడకున్న తాడే ఆ ధైర్యం ఇస్తుంది. ఎంత నేర్చిన కుక్కనైనా వీధిలో తాడుతోనే తిప్పండి. దీపావళి టపాసులకు, బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర డప్పులకు మంచి కుక్కలూ బెదిరిపోతాయి. ఆ సాయంత్రాలు లోపలి గదిలో ఫ్యాన్ వేసి ఉంచండి, పగలే తిప్పేయండి.

పెంపుడు జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పో, తీవ్ర గాయమో కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. కుక్కకు ట్రైనింగ్ ఇప్పించాం అంటే సరిపోదు, జాగ్రత్త తీసుకున్నారా అన్నదే ప్రశ్న. ఎవరినైనా కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి మీరే దగ్గరుండి తీసుకెళ్లండి, కుక్క టీకా కాగితాలు వెంట పెట్టుకోండి.

ట్రైనర్‌ని అడగాల్సినవి

కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు అని అడగండి. జవాబులో మెడకు కట్టే ముళ్ల పట్టీ, షాక్ పట్టీ, లేదా కర్ర వస్తే ఇంకొకరిని చూసుకోండి. నెల రోజులు మా దగ్గర వదిలేయండి, నేర్పించి పంపుతాం అన్నా ఆలోచించండి. కుక్క ఆయన మాట నేర్చుకుని వస్తుంది, మీ ఇంటి పద్ధతులు అలాగే ఉంటాయి. ప్రతి క్లాసులో కనీసం సగం సేపు తాడు మీ చేతిలో ఉండాలని, వారానికోసారైనా ఇంట్లో అందరూ హాజరయ్యే క్లాసు పెట్టాలని ముందే మాట్లాడుకోండి.