ఆటో కన్సల్టెన్సీ పెట్టేవాళ్లకు: దరఖాస్తు సులువే, చిక్కంతా పోలీసు ఎన్‌ఓసీ దగ్గరే

మొన్న ఆర్టీఏ ఆఫీసులో నా ముందున్న కుర్రాడి ఫైలు వెనక్కి ఇచ్చేశారు. పాత బండ్లు కొని అమ్మే ఆటో కన్సల్టెన్సీ కొత్తగా పెట్టాడట. పక్క రాష్ట్రం మనిషికి కారు అమ్ముతున్నాడు, దానికి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. ఫైల్లో అన్నీ ఉన్నాయి, చోరీ కేసు లేదన్న రిపోర్టుతో సహా. ఆ ఒక్క కాగితానికే ఏజెంటు వేలల్లో తీసుకున్నాడు. తీరా చూస్తే రిపోర్టులోని ఛాసిస్ నంబరులో ‘ఓ’ అక్షరం ఉన్నచోట, బండి మీది నంబరుపై కాగితం పెట్టి తీసిన పెన్సిల్ ప్రింటులో సున్నా ఉంది. ఆర్‌సీలోనే ఎప్పుడో తప్పు పడింది. ఏజెంటు ఆ తప్పునే ఉచితంగా నడిచే ప్రభుత్వ పోర్టల్‌లో కొట్టి, వచ్చినదాన్ని ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. కొనేవాడు అడ్వాన్సు వెనక్కి అడుగుతున్నాడని చెబుతూ ఆ కుర్రాడు బెంచీ మీద కూలబడిపోయాడు. ఇది చదివినవాళ్లకైనా ఆ పరిస్థితి రాకూడదు.

ముందుగా లైసెన్సు సంగతి. ‘పోలీసు లైసెన్సు ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క క్షణం ఆగండి. పాత బండ్లు కొని అమ్మే డీలర్‌కు అనుమతి పత్రం ఇచ్చేది రవాణా శాఖ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2022 డిసెంబరులో తెచ్చిన మార్పు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఫారం 29ఏలో దరఖాస్తు చేస్తే ఫారం 29బీలో అధికార పత్రం వస్తుంది, అది ఐదేళ్లు చెల్లుతుంది. షాపు చిరునామా రుజువు, మీ గుర్తింపు పత్రాలు సరిగ్గా ఉంటే ఈ దశలో పెద్ద ఇబ్బంది ఉండదు. మీకు వచ్చే ఓటీపీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. దరఖాస్తులో ఫోన్ నంబరు ఏజెంటుది పడితే, ఆ తర్వాత ప్రతి పనికీ అతని చుట్టూనే తిరగాలి.

అధికార పత్రం చేతికొచ్చాక ప్రతి బండికీ చేయాల్సిన పని ఒకటుంది. ఓనరు బండిని మీకు అప్పగించినప్పుడు ఫారం 29సీలో ఆ విషయం రవాణా శాఖకు తెలపాలి. అప్పటి నుంచి ఆ బండి బాధ్యత మీది. దానికి తగ్గ అధికారాలూ వస్తాయి: ఆర్‌సీ రెన్యువల్, ఫిట్‌నెస్, డూప్లికేట్ ఆర్‌సీ, ఎన్‌ఓసీ, పేరు మార్పు వీటన్నిటికీ మీరే దరఖాస్తు చేయొచ్చు. బండిని ట్రయల్‌కో, మెకానిక్ దగ్గరికో రోడ్డెక్కిస్తే ఎందుకు తీశారు, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నవి ఎలక్ట్రానిక్ ట్రిప్ రిజిస్టర్‌లో రాయాలి.

చాలామంది 29సీకి, మామూలు 29కి తేడా తెలియక పాత పద్ధతిలోనే పోతున్నారు. ఓనరు చేత పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద ఖాళీగానే సంతకాలు పెట్టించుకుని, చివరికి కొన్నవాడి పేరు రాసుకోమంటారు. దీని దెబ్బ మొదటి ఓనరుకు తగులుతుంది. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో బండి పలు చేతులు మారినా రిజిస్టర్‌లో మొదటివాడి పేరే ఉంది. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో ఓనరుగా ఉన్నవాడిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మిమ్మల్ని నమ్మి బండి తాళాలు ఇచ్చిన మనిషిని అంత ప్రమాదంలో వదిలేయకండి.

ఇక అసలు చిక్కు. పోలీసుల పాత్ర లైసెన్సు దగ్గర కాదు, ఒక్కో బండి దగ్గర వస్తుంది. బండి వేరే రాష్ట్రానికి వెళ్లాలంటే ఫారం 28లో ఎన్‌ఓసీకి దరఖాస్తు చేస్తారు. మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ ప్రకారం ఆ ఎన్‌ఓసీ ఇచ్చే ముందు, ఈ బండి మీద చోరీ కేసు ఏదీ లేదని రిజిస్టరింగ్ అధికారి పోలీసుల నుంచి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోవాలి. ఇది కాకుండా జాతీయ నేర రికార్డుల బ్యూరో, అంటే ఎన్‌సీఆర్‌బీ, పౌరులకు నేరుగా ఇచ్చే వాహన ఎన్‌ఓసీ ఉంది. డిజిటల్ పోలీస్ పోర్టల్‌లోకి వెళ్లి రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఇస్తే, పోయిన బండ్లు, దొరికిన బండ్ల జాబితాతో సరిచూసి ఫలితం చెబుతుంది. ఎవరైనా ఫోన్‌లోనే చేసుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు.

అందరూ తడబడే చోటు ఇదే, కాబట్టి నెమ్మదిగా చదవండి. ఆ రిపోర్టు మీరు కొట్టిన నంబర్లకు వస్తుంది, మీ ముందున్న బండికి కాదు. ఒక్క అక్షరం తేడా పడితే కంప్యూటరు మరో బండి కోసం వెతికి, అది దొరక్క ‘ఏమీ లేదు’ అంటుంది. ఆ మాట చూసి మనం ధైర్యంగా డబ్బు లెక్కపెడతాం.

ఇంకా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. యాక్సిడెంట్‌లో తుక్కైపోయిన బండి ఆర్‌సీని, నంబర్లను కొని, అదే మోడల్ దొంగబండి మీద ఆ నంబర్లు కొట్టే ముఠాలు ఉన్నాయి. పనికిరాకుండా పోయిన బండి గురించి 14 రోజుల్లో తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలని 55వ సెక్షన్ చెబుతోంది. చాలామంది ఆ పని చేయరు. దాంతో చచ్చిన బండి రికార్డులో బతికే ఉంటుంది. ఆ నంబర్లకు రిపోర్టు తీస్తే మచ్చ లేకుండా వస్తుంది, ఎందుకంటే అవి పోయిన బండివి కావు. బండి మాత్రం చోరీ బండే.

అందుకే నంబరును ఆర్‌సీలో చూసి ఎక్కించకండి. ఇనుము మీద చదవండి. బైక్‌కైతే ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద మెడ భాగంలో ఉంటుంది. కార్లలో మోడల్‌ను బట్టి మారుతుంది, ముందు సీటు కింద కార్పెట్ ఎత్తితేనో, బానెట్ తెరిచి లోపలి గోడ మీద చూస్తేనో కనిపిస్తుంది. జిడ్డు, మట్టి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఎమరీ పేపర్‌తో మాత్రం రుద్దొద్దు. ఆ గీతలు చూసి రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనుమానించేది మిమ్మల్నే. తుడిచాక పల్చటి తెల్ల కాగితం నంబరు మీద ఒత్తిపట్టి, మెత్తటి పెన్సిల్‌ను పక్కవాటంగా పడుకోబెట్టి తేలిగ్గా రుద్దండి. అంకెలు ఒక్కొక్కటే తెల్లగా పైకి లేస్తాయి. సెల్‌ఫోన్ లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి పెట్టి ఫొటో కూడా తీసుకోండి. అప్పుడు తెలుస్తుంది: అంకెలన్నీ ఒకే వరసలో, ఒకే లోతులో ఉన్నాయా, ఒకటి రెండు మాత్రం వంకరగా లోతుగా దిగాయా, చుట్టూ గ్రైండింగ్ చేసి పెయింటు కొట్టిన చార ఉందా అని.

ఇంకో చిన్న విషయం చాలా ఫైళ్లను కాపాడుతుంది. 17 అక్షరాల ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు వాడరు, ఒకటితో, సున్నాతో కలిసిపోతాయనే. కాబట్టి అలాంటి నంబరున్న ఆర్‌సీలో ‘ఓ’ కనబడిందంటే అది టైపింగ్ తప్పే. ఇలాంటి తేడా దొరికితే కంగారుపడాల్సిన పని లేదు. అది నేరం కాదు, గుమస్తా పొరపాటు. ఓనరు చేతే రిజిస్టరింగ్ అధికారికి దిద్దుబాటుకు అర్జీ పెట్టించి, బండిని తనిఖీకి చూపించి, ఆర్‌సీ సరైన తర్వాతే ఎన్‌సీఆర్‌బీ రిపోర్టు తీయండి. ఈలోగా ఆ బండికి పూర్తి డబ్బు ఇవ్వకండి. ఎంత తెలిసినవాళ్లయినా సరే.

నంబరు కొట్టినట్టు, చెరిపినట్టు అనిపిస్తే ఆ బేరం వదిలేసి స్టేషన్‌లో చెప్పండి. చౌకగా వస్తోందని కళ్లు మూసుకుంటే, చోరీ సొత్తు అని తెలిసీ లేదా నమ్మడానికి కారణం ఉండీ తీసుకున్నందుకు భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. అదే అలవాటుగా చేసే వ్యాపారం అని తేలితే పదేళ్లు, యావజ్జీవం దాకా ఉంది. డీలర్ విషయంలో ‘నాకు తెలియదు’ అన్న మాటను పోలీసులు అంత తేలిగ్గా నమ్మరు. పెన్సిల్ ప్రింటు, ఫొటో, అదే రోజు తేదీతో రిపోర్టు మీ దగ్గర ఉంటే ఆ మాటకు బలం వస్తుంది.

ఒక్కోసారి నిజాయతీ ఉన్న ఓనరు బండికీ ‘చోరీ’ అని చూపిస్తుంది. ఎప్పుడో పోయి దొరికిన బండి అయ్యుంటుంది, స్టేషన్ రికార్డులో దొరికినట్టు ఎక్కించి ఉండరు. పాపం, అలాంటివాళ్లను దొంగల్ని చూసినట్టు చూడకండి. ఎఫ్ఐఆర్ కాపీ, కోర్టు బండి విడుదల చేసిన ఉత్తర్వు తీసుకుని కేసు నమోదైన స్టేషన్‌కు వెళ్లి రికార్డు సరిచేయమని రాతపూర్వకంగా అడగమనండి, రసీదు తీసుకోమనండి. మీరు మాత్రం ఆ కోర్టు ఉత్తర్వు చివరి దాకా చదవండి. ఇంటెరిమ్ కస్టడీకి, అంటే తాత్కాలికంగా ఓనరు చేతికి ఇచ్చిన బండిని కేసు తేలేదాకా అమ్మకూడదన్న షరతు సాధారణంగా అందులో ఉంటుంది. షరతు ఉంటే కోర్టు అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

రిపోర్టు ఏ రోజుది ఆ రోజుకే. కొనే రోజు ఒకటి, అమ్మే రోజు ఇంకొకటి తీయండి. ఫైనాన్స్ ఉన్న బండైతే ఆ అప్పు తీరిందని తెలిపే ఫారం 35, పెండింగ్ చలాన్లు, ట్యాక్సు, ఇవి మీకు తెలిసినవే. ఎన్‌ఓసీ దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు మాత్రం మర్చిపోకండి. 30 రోజుల్లో తిరస్కరిస్తున్నట్టు తెలపకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టేనని 48వ సెక్షన్ చెబుతోంది. తేదీ ఉన్న రసీదు చేతిలో లేకపోతే ఆ 30 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో ఎవరికీ తెలియదు.

స్థానిక పోలీసులు షాపుకు వచ్చి రిజిస్టర్ అడిగితే భయపడకండి. పాత బండ్లు అమ్మినవారి, కొన్నవారి గుర్తింపు వివరాలు రాసి ఉంచాలని నగర పోలీసు కమిషనర్లు అప్పుడప్పుడూ ఉత్తర్వులు ఇస్తుంటారు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద ఇచ్చే అలాంటి ఉత్తర్వు మామూలుగా రెండు నెలలు ఉంటుంది, మళ్లీ కొత్తది వస్తుంటుంది. మీ ఊళ్లో ప్రస్తుతం ఏది అమల్లో ఉందో స్టేషన్‌కు వెళ్లి అడిగి, కాపీ తెచ్చి షాపులో ఉంచుకోండి. ఉత్తర్వు ఉన్నా లేకపోయినా ఒక పుస్తకం పెట్టండి. బండికో పేజీ. ఇచ్చినవాడి ఫొటో, ఫోన్, గుర్తింపు కార్డు కాపీ, 29సీ తేదీ, కొన్న రోజు రిపోర్టు, పెన్సిల్ ప్రింటు ముక్క ఆ పేజీకే అంటించండి. అనుమానం ఉన్న బండిని సీజ్ చేసే అధికారం పోలీసులకు ఉంది. అలా తీసుకెళ్తే ఏ కేసులో తీసుకెళ్తున్నారో అడిగి, సీజర్ రిపోర్టు కాపీ తీసుకుని, అదీ ఆ పేజీకే కలపండి. బండి విడుదలకు కోర్టులో పిటిషన్ వేయాల్సి వస్తే, మీ లాయరు మొదట అడిగేది ఆ పేజీనే.