సోడా బొమ్మ వెనకున్న మందు: ముసుగు ప్రకటనను చదవడం పిలకాయలకు నేర్పే పద్ధతి

టీవీలో మందు ప్రకటన రాకూడదు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాల్లో ఏడో నియమం మద్యాన్ని నేరుగా గానీ, చాటుగా గానీ ప్రచారం చేయడాన్ని నిషేధించింది. అయినా తిరుపతిలో ఇంటర్ చదివే కుర్రాణ్ణి అడిగి చూడండి, నాలుగైదు విస్కీ, బీరు పేర్లు తడుముకోకుండా చెబుతాడు. వాటిని వాడు వైన్స్ ముందు నిలబడి నేర్చుకోలేదు. సోడా, మంచినీళ్ల బాటిల్, మ్యూజిక్ సీడీ, గాజు గ్లాసుల పేరిట వచ్చిన ప్రకటనల్లో, క్రికెట్ మైదానం చుట్టూ ఉండే బోర్డుల్లో, ఫోన్‌లోని రీల్స్‌లో చూసి నేర్చుకున్నాడు.

ఇలా వేరే వస్తువు పేరు చాటున మందును ప్రచారం చేసేదే ముసుగు ప్రకటన. దాన్ని చదవడం పిల్లలకు నేర్పే పని కాలేజీ లెక్చరర్లు, ఎన్ఎస్ఎస్ చూసేవాళ్లు, హాస్టల్ వార్డెన్లు ఎవరైనా చేయించవచ్చు. పది పన్నెండు మంది విద్యార్థులు, రెండు ఆదివారాలు, మధ్యలో ఒక వారం చాలు. తాగుడు చెడ్డదని ఉపన్యాసం ఇవ్వడం ఇందులో భాగం కాదు. ఉపన్యాసం విన్న పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. తమను ఎవరో వాడుకుంటున్నారని తామే కనిపెట్టిన పిల్లలకు రోషం వస్తుంది. మనకు కావలసింది ఆ రోషమే.

ముందుగా మీరు తెలుసుకోవలసింది

ప్రకటన చూసిన కుర్రాడు ఆ సాయంత్రమే లేచి వైన్స్‌కు పోడు. జరిగేది నెమ్మదిగా జరుగుతుంది. మొదట పేరు అలవాటవుతుంది, అలవాటైన పేరు మీద భయం పోతుంది. తర్వాత ఆ పేరు వాడు అప్పటికే కోరుకుంటున్న దేనికో అతుక్కుంటుంది: విడిపోని ఫ్రెండ్స్ బ్యాచ్, మొదటి జీతం, గోవా ట్రిప్, మగతనం, గెలుపు. మూడోదే అన్నిటికంటే చెరుపు. "అందరూ తాగుతున్నారు, నేనొక్కణ్ణే మిగిలాను" అనే లెక్క మనసులో పడిపోతుంది. ఆ లెక్క దాదాపు ఎప్పుడూ అసలు సంఖ్య కంటే ఎక్కువే ఉంటుంది.

ఇది ఊహ కాదు. యువతను కొన్నేళ్లపాటు వెంబడించి చూసిన 13 అధ్యయనాలను 2009లో ఒకచోట పెట్టి పరిశీలించారు. వాటిలో పాల్గొన్నవాళ్లు 38,000 మందికి పైగా. 13లో 12 అధ్యయనాల్లో ఒకే మాట తేలింది: మద్యం ప్రచారం ఎక్కువగా చూసినవాళ్లు తాగుడు ముందుగా మొదలుపెట్టారు, లేదా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ తాగారు. చూడటం ముందు, తాగడం తర్వాత అన్న వరస కూడా అందులో ఉంది కాబట్టి, తాగేవాళ్లే ప్రకటనలు ఎక్కువ చూస్తారులే అని కొట్టిపారేయడానికి లేదు.

మొదటి ఆదివారం: బొటనవేలి పరీక్ష

కావలసినవి: ఇద్దరికో నోటుబుక్కు, అందరికీ ఒకే రంగు పెన్నులు, చిన్న చీటీలు, మూతకు చీలిక పెట్టిన చెప్పుల డబ్బా, ఐదారు ప్రకటనల స్క్రీన్‌షాట్లు. వాటిలో రెండు మామూలు మంచినీళ్లవో, కూల్‌డ్రింక్‌వో ఉండాలి. ఇవి లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు, పిల్లలు అన్నిటికీ "మందే" అని రాసేస్తారు.

బొమ్మలో ఏ వస్తువు అమ్ముతున్నామని రాసి ఉంటుందో అక్కడ బొటనవేలు పెట్టి మూసేయండి. "ఇది దేని ప్రకటన?" అని ఒకే ప్రశ్న అడగండి. మాట్లాడకుండా చీటీ మీద రాయమనండి. నోటితో చెప్పిస్తే మొదట పలికినవాడి జవాబే మిగతా అందరి జవాబవుతుంది. ఈ తరగతి మందు గురించి అని ముందే చెప్పినా పరీక్ష చెడిపోతుంది. "ప్రకటనలు చదవడం" అని పిలవండి, చాలు.

తర్వాత వేలు తీసి ఇంకో ప్రశ్న వేయండి: ఈ వస్తువు గురించి ఈ ప్రకటన చెప్పిందేమిటి? మామూలు నీళ్ల ప్రకటన శుద్ధి గురించి, ధర గురించి, దాహం గురించి ఏదో ఒకటి చెబుతుంది. ముసుగు ప్రకటనలో సోడా గురించి ఒక్క ముక్క ఉండదు. ఉండేది రాత్రి, మిద్దె మీద నలుగురు మిత్రులు, చేతిలో గ్లాసు, సీసా లేబుల్ మీది రంగులే నేపథ్యంలో. మందు బ్రాండ్ పేరుతోనే అమ్మే వేరే వస్తువును అనుబంధ వస్తువు అంటారు. దాని ప్రకటనలో మద్యాన్ని ఏ రూపంలోనూ చూపకూడదనీ, మద్యం రంగులు, అమరిక, మద్యానికి అలవాటైన సన్నివేశాలు వాడకూడదనీ ఆ కేబుల్ నియమాల్లో 2009లో చేర్చిన నిబంధన చెబుతుంది. నోటుబుక్కులో ఆ మూడింటికీ మూడు గళ్లు గీయించండి: రంగు, అమరిక, సన్నివేశం. తర్వాత ఫిర్యాదు రాసేటప్పుడు ఈ గళ్లే పనికొస్తాయి.

ఒక జాగ్రత్త. బోర్డు మీద బ్రాండ్ పేరు రాయకండి, పదేపదే పలకకండి. రెండు గంటల తరగతిలో ఒక పేరు నలభైసార్లు వినిపిస్తే మనమే ఉచితంగా ప్రచారం చేసినట్టు. "సోడా-1, నీళ్లు-2" అని గుర్తులు పెట్టుకోండి. ఈ వ్యాసంలో పేర్లు లేకపోవడానికీ కారణం అదే.

వారం రోజుల లెక్క

ఈ వారం పిల్లలు తమకు మందు ప్రచారం ఎన్నిసార్లు ఎదురైందో టీవీలో, ఫోన్‌లో, వీధిలో లెక్కపెట్టాలి. క్రికెట్ సీజన్ అయితే ఒక టీ20 మ్యాచ్‌లో మొదటి ఆరు ఓవర్లు చాలు. ఓవర్ ముగిసిన ప్రతిసారీ ప్రకటన వస్తుంది, ఆట నడుస్తుండగా బౌండరీ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. బోర్డును కనబడిన ప్రతిసారీ లెక్కపెడితే పది నిమిషాల్లో చెయ్యి నొప్పి పుట్టి వదిలేస్తారు. ఒక ఓవర్‌లో ఎన్నిసార్లు కనిపించినా ఒక్కటే గీత అని ముందే అనుకోండి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి చివర్లో పోల్చుకోవాలి. తేడా ఎక్కువైతే మళ్లీ చూడాలి.

ఫోన్ దగ్గర రెండు తప్పులు జరుగుతాయి. పెద్దవాళ్లు పిల్లల ఫోన్ లాక్కుని చూడబోతారు, అక్కడితో నమ్మకం పోయి లెక్క ఆగిపోతుంది. పిల్లలేమో ఉత్సాహంతో బ్రాండ్ పేర్లు తామే వెతుకుతారు. అలా వెతికితే వాళ్లకు అవే ఇంకా ఎక్కువ వస్తాయి. వెతకొద్దు, దానంతట అది వచ్చినదాన్నే రాయాలి. ఏ యాప్, ఏ పూట, ప్రకటనా లేక ఎవరో పెట్టిన రీలా, డబ్బు తీసుకుని చేశామని అందులో చెప్పారా లేదా — ఈ నాలుగు చాలు.

చిత్తూరు వైపు బ్యాచ్ అయితే భాష గడి కూడా కలపండి. కుప్పం, పలమనేరు పిల్లలు తమిళ, కన్నడ చానళ్లు కూడా చూస్తారు, బెంగళూరు పబ్బుల రీల్స్ వాళ్లకు తెలుగు రీల్స్‌తో సమానంగా తగులుతాయి. తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం, కానీ కాటేజీలో కూర్చుని చూసే మ్యాచ్‌లో ప్రకటనలు కింద ఊళ్లో వచ్చేవే.

వీధి లెక్కకు ఒక గంట నడక చాలు: బాలాజీ కాలనీ పరిసరాలు, ఆర్టీసీ బస్టాండ్, లీలామహల్ సర్కిల్, లేదా మీ కాలేజీ చుట్టూ ఉన్న నాలుగు వీధులు. బార్ బోర్డు, బ్రాండ్ పేరున్న ఫ్రిజ్, గొడుగు, గోడ రాత, బర్త్‌డే ఫ్లెక్సీలో సీసా బొమ్మ. హైవే మీద బోర్డు కనిపిస్తే వేరుగా గుర్తు పెట్టండి. జాతీయ, రాష్ట్ర రహదారుల వెంట మద్యం దొరుకుతుందని చెప్పే బోర్డులు, ప్రకటనలు తీసేయాలని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించింది. నలుగురేసి, పగటిపూట, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. వైన్స్ లోపలికి, బార్ లోపలికి ఎవరూ పోకూడదు. ఫొటోలో మనుషుల ముఖాలు పడకూడదు.

ఆ సోడా కొనుక్కురండి

మొత్తంలో పిలకాయల కళ్లు తెరిపించేది ఇదే. జంటకు యాభై రూపాయలు ఇచ్చి, ప్రకటనలో కనిపించిన ఆ సోడానో, ఆ నీళ్లనో కొని తెమ్మనండి. ఆరు రకాల చోట్ల అడగాలి: వీధి చివర కిరాణా అంగడి, సూపర్‌మార్కెట్, బేకరీ, బస్టాండ్ కూల్‌డ్రింక్ షాపు, టీ కొట్టు, హోల్‌సేల్ అంగడి. "అన్నా, ఈ పేరుతో సోడా ఉందా?" అని అడిగి, అంగడాయన అన్న మాటను ఉన్నదున్నట్టు రాసుకోవాలి. "అది వైన్స్ పక్కన అడుగుబ్బా" అని ఎవరైనా అంటే, ఆ ఒక్క వాక్యం మీ నోటుబుక్కులో అన్నిటికంటే విలువైనది. పిల్లలు అక్కడితో ఆగిపోవాలి. చూడాలనుకుంటే పెద్దవాళ్లు పోయి చూస్తారు.

దొరికితే? కొన్ని దొరుకుతాయి, దాచకుండా రాయాలి. ప్రకటనల మీద పరిశ్రమ తానే పెట్టుకున్న స్వీయ నియంత్రణ మండలి ఆస్కీ. నిజమైన అనుబంధ వస్తువు అనడానికి దాని కొలతలు దానికున్నాయి: దేశం మొత్తం మీద ఏటా 5 కోట్ల రూపాయలు, లేదా ఒక రాష్ట్రంలో కోటి రూపాయలు దాటిన అమ్మకం, లేదా ఆ రకంలో ముందున్న బ్రాండ్‌తో పోలిస్తే కనీసం పదో వంతు అంగళ్లలో లభ్యత. కాబట్టి ఆరు అంగళ్లలో దొరకలేదంటే నేరం రుజువైనట్టు కాదు, అడగవలసిన ప్రశ్న దొరికినట్టు. ఈ తేడా పిల్లలకు తప్పక చెప్పాలి. లేకపోతే వాళ్లు ఫిర్యాదులో "ఎక్కడా దొరకదు" అని రాస్తారు, అవతలివాళ్లు ఒక్క బిల్లు చూపించి కొట్టేస్తారు.

రెండో ఆదివారం: ప్రకటన చెప్పని సగం

సీసాలో ఎంత ఉందో లెక్క వేయించండి. మిల్లీలీటర్లను శాతంతో గుణించి, వందతో భాగించి, 0.79తో గుణిస్తే గ్రాముల్లో ఆల్కహాల్ వస్తుంది. 42.8 శాతం ఉన్న 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 61 గ్రాములు. 5 శాతం ఉన్న 650 మి.లీ. బీరులో 26, 8 శాతం స్ట్రాంగ్ బీరులో 41. పది గ్రాములు ఒక డ్రింక్ అనుకుంటే క్వార్టర్ ఆరు డ్రింకులు, స్ట్రాంగ్ బీరు నాలుగు. ఒంట్లోంచి దిగడానికి ఒక్కో డ్రింక్‌కు సుమారు గంట పడుతుంది. రాత్రి పదకొండుకు క్వార్టర్ ముగించినవాడు తెల్లవారి నాలుగింటికి రేణిగుంట రోడ్డు మీద బైక్ నడిపితే, నిద్ర లేచినా మందు దిగలేదన్నమాట. ప్రకటనలోని మిద్దె మీద మిత్రులు ఇంటికెలా పోయారన్నది పిల్లలనే రాయమనండి. రక్తం, శవం బొమ్మలు చూపించకండి. భయం ఒక రోజు ఉంటుంది, తర్వాత అదే జోక్ అవుతుంది.

"అందరూ తాగుతున్నారు" అన్న లెక్కను చెప్పుల డబ్బాతో తేల్చాలి. ఒక్కో చీటీ మీద రెండే ప్రశ్నలు: క్లాసులో వందకు ఎంతమంది ఈ నెల తాగి ఉంటారనుకుంటున్నావు? నువ్వు తాగావా? ఇది పన్నెండు మందిలో చేయకూడదు, చేతిరాత పట్టేస్తారు. కనీసం ముప్పై మంది ఉన్న మొత్తం క్లాసులో చేయాలి, అంకె, టిక్కు తప్ప అక్షరం రాయకూడదు. డబ్బాను ముందుగా మీరొక్కరే విప్పి చూసుకోండి. ఊహ పెద్దగా, నిజం చిన్నగా ఉంటే ఆ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి ఊరుకోండి. నిజమే పెద్దగా ఉంటే ఆ అంకె బయటపెట్టకండి. పెడితే "చూశారా, అందరూ తాగుతున్నారు" అని మన చేత్తో మనమే చెప్పినట్టవుతుంది.

గదిలో తాగే నాన్న ఉన్న పిల్లలు ఉంటారు. ఎవరి ఇంటినీ ఉదాహరణ చేయొద్దు. వ్యసనం నుంచి బయటపడాలనుకునేవాళ్లకు 14446, మనసు బాగోలేనివాళ్లకు టెలీ-మానస్ 14416, రెండూ ఉచితం. అడిగినవాళ్లకే ఇస్తే అడగడానికి సిగ్గుపడతారు కాబట్టి అందరి నోటుబుక్కు చివరి అట్ట మీదా రాయించండి.

మన పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంటలో 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమానికి దారితీసింది వయోజన విద్య తరగతిలో ఆడవాళ్లు చదువుకున్న పాఠం. ఆ సంగతి ఇక్కడ ఐదు నిమిషాలు చెప్పండి. చదవడం నేర్చినవాళ్లు ఏం చేయగలరో పిల్లలకు ఇంతకంటే దగ్గరి రుజువు లేదు.

ఫిర్యాదు, ఫోన్ సెట్టింగులు

ఫిర్యాదు ఒక పేజీ దాటకూడదు. తేదీ, సమయం, చానల్ లేదా స్థలం, స్క్రీన్‌షాట్, ఏ వస్తువు పేరుతో వచ్చింది, రంగు-అమరిక-సన్నివేశం గళ్లలో ఏం రాశారు, ఏయే అంగళ్లలో అడిగితే ఏమన్నారు. కోపం మాటలు తీసేయండి. టీవీ ప్రకటనకు కేబుల్ టెలివిజన్ నియమాల్లోని 7(2)(8) నియమాన్ని, ఏ మాధ్యమమైనా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 మార్గదర్శకాల్లో ముసుగు ప్రకటనలను నిషేధించిన ఆరో అంశాన్ని పేర్కొనండి. ఆ సంస్థ మొదటి తప్పుకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. నటించిన ప్రముఖులను కూడా ఏడాది, మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు ప్రకటనల నుంచి ఆపగలదు. దారి తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. ఆస్కీకి వెబ్‌సైట్‌లో పెట్టవచ్చు. చానల్‌కు నేరుగా పంపితే 2021లో సవరించిన కేబుల్ టెలివిజన్ నియమాల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఊళ్లో ఫ్లెక్సీకైతే నగరపాలక సంస్థ కమిషనర్‌కు అర్జీ. 18 నిండనివాళ్ల పేర్లు ఏ ఫిర్యాదు మీదా వేయకండి, లెక్చరర్ సంతకం చేయాలి.

చివరి పావుగంట ఫోన్లకు. గూగుల్ ఖాతాలో ప్రకటనల సెట్టింగుల్లో సున్నితమైన అంశాల కింద మద్యం ఉంటుంది, దాన్ని ఆపవచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల ప్రాధాన్యాల్లో మద్యం అంశానికి "తక్కువ చూపించు" పెట్టవచ్చు. డబ్బు కట్టి వేసే ప్రకటనలే దీనివల్ల తగ్గుతాయి, ఎవరో పెట్టిన రీల్స్ ఆగవు. వాటికి వచ్చిన ప్రతిసారీ "ఆసక్తి లేదు" నొక్కాలి, కనీసం రెండు వారాలు. ఎగతాళిగా కూడా కామెంట్ పెట్టకూడదు, ఫ్రెండ్స్‌కు పంపకూడదు, ఆగి రెండోసారి చూడకూడదు. ఈ మూడింటినీ యాప్ ఇష్టం కిందే లెక్కేసుకుంటుంది.

ఫిర్యాదులు పంపిన పదహారో రోజున నోటుబుక్కులు మళ్లీ తెరిచి, ఏ ఫిర్యాదుకు జవాబొచ్చిందో, దేనికి రాలేదో ఎర్ర ఇంకుతో పక్కన రాయించండి. రానివాటికి అదే పేజీ కాపీ జతచేసి రెండో ఉత్తరం వెళ్లాలి.