ఇంజన్ మార్చిన పాత కారు: ట్యూనింగ్ కన్నా ముందు అతుకులు చూడండి

వేరే ఇంజన్ వేసిన పాత కారు చేతికి రాగానే చాలామంది మొదట బానెట్ ఎత్తి కార్బ్యురేటర్ స్క్రూ తిప్పుతారు, లేదంటే లాప్‌టాప్ తగిలించి ఇంజన్ కంప్యూటర్‌లోని మ్యాప్ (ఎంత పెట్రోల్, ఎప్పుడు స్పార్క్ అని చెప్పే పట్టిక) మార్చడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని ఆఖరికి ఉంచుకోండి. మీ దగ్గరున్నది నిజానికి రెండు బండ్లు. ఇంజన్‌ని దాని కంపెనీ ఏళ్ల తరబడి పరీక్షించి బయటికి వదిలింది, బాడీని కూడా అలాగే ఎవరో శ్రద్ధగా తయారుచేశారు. కానీ ఈ రెండూ కలిసే చోట్లు, అంటే మౌంటింగులు, పెట్రోల్ లైను, ఎర్త్ వైర్లు, రేడియేటర్ హోసులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కి బలం తీసుకెళ్లే కడ్డీ), ఇవన్నీ ఎవరో ఒక మనిషి గ్యారేజీలో నిలబడి తన అంచనాతో చేసినవి. పదిలో తొమ్మిది సమస్యలు ఆ అతుకుల దగ్గరే ఉంటాయని ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది.

నా కారునే తీసుకోండి. 1970ల నాటి సెడాన్, అందులో ఇరవై ఏళ్లు చిన్నదైన ఇంజెక్షన్ ఇంజన్. వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ అయ్యేది కాదు, సెల్ఫ్ నీరసంగా తిరిగేది. ఇంజెక్టర్లు కడిగించాను, క్రాంక్ సెన్సర్ మార్చాను, రెండు వారాలు పోయాయి. చివరికి మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 1.3 వోల్టులు చూపించింది. అక్కడ 0.2 దాటకూడదు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి కరెంటు తిరిగిపోయే దారి ఒక్క ఎర్త్ స్ట్రాపే, దాన్ని రంగు మీదే బోల్టు పెట్టి బిగించేశారు. రంగు గీకి, మెరిసే ఇనుము మీద కొత్త స్ట్రాప్ వేశాను, అంతే, ఆ రోగం మళ్లీ కనిపించలేదు. అందుకే ఎవరు అడిగినా ఎర్త్ పరీక్షతోనే మొదలుపెట్టమంటాను. బ్యాటరీ నుంచి ఇంజన్‌కి ఒకటి, ఇంజన్ నుంచి బాడీకి ఒకటి, రెండూ దళసరి వైర్లే ఉండాలి. ప్లస్ వైపు కూడా ఇలాగే బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్ దాకా కొలవండి, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు అర వోల్టు లోపు ఉంటే పర్వాలేదు.

అసలు ఏ పనికైనా ముందు మీ ఇంజన్ ఏదో తేల్చుకోండి. అమ్మినవాళ్ల మాట నమ్మి విడిభాగాలు కొనొద్దు, బ్లాక్ మీద కొట్టిన నంబరు తుడిచి చదవండి. ఒకే కంపెనీ ఇంజన్లు కదా అనుకుంటే ఎక్కడ బోల్తా పడతామో చూడండి: 1955లో వచ్చిన షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8 ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి పేలే వరస) 1-8-4-3-6-5-7-2, అదే కంపెనీ 1997లో తెచ్చిన ఎల్‌ఎస్1ది 1-8-7-2-6-5-4-3. పాత బండ్లలో ఈ రెండూ విరివిగా వేస్తారు. ఒకదాని పుస్తకం చూసి ఇంకోదానికి వైర్లు పెడితే ఇంజన్ దగ్గుతుంది తప్ప నడవదు.

కారు కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు కట్టి, కారుని చేత్తో బలంగా ఊపి చూసి, అప్పుడు దూరండి. పెట్రోల్ లైను ముట్టుకుంటే బ్యాటరీ నెగటివ్ తీసేయండి, మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచండి.

ఇక తుప్పు. బాడీ అంతా ఒకేసారి చేయాలని కూర్చుంటే కారు ఏళ్లకేళ్లు కదలదు. ముందుగా బరువు మోసే చోట్లు చూడండి: ఇంజన్ మౌంటింగులు కూర్చున్న చోటు, గేర్‌బాక్స్ కింది అడ్డకమ్మీ, వెనక సస్పెన్షన్ తగిలే చోట్లు. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. లోపలికి దిగితే ఆ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాల్సిందే, పైన పుట్టీ పెట్టి రంగు కొట్టడం మోసం. పాత ఇంజన్ బలానికి తట్టుకున్న రేకు, రెట్టింపు లాగే ఇంజన్ వచ్చాక చిరిగిపోవడం నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు ఇంజన్ ఆరోగ్యం. చాలాకాలం నిలబెట్టేసిన బండయితే ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజనాయిల్ పోసి, ఒక రాత్రి వదిలేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పండి. సాఫీగా తిరిగితేనే సెల్ఫ్ దగ్గరికి వెళ్లండి. పాత ఆయిల్, పాత పెట్రోల్ పూర్తిగా దించేయండి. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొడుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఆగండి, ఇగ్నిషన్, పెట్రోల్ రెండూ కట్ చేసి ఉంచాలి సుమా. ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష: ప్లగ్గులన్నీ బయట, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీ నిండుగా. నంబరు ఎంత వచ్చిందన్నది రెండో విషయం, అన్ని సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. మూడు 170, 165, 172 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) చూపించి నాలుగోది 120 దగ్గర ఆగిపోతే దాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. బాగా పెరిగితే రింగులు అరిగాయి, పెరక్కపోతే వాల్వుల దగ్గరో హెడ్ ప్యాకింగ్ దగ్గరో లీకు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే ముందు ఆ రెండింటి మధ్య ప్యాకింగ్‌ని అనుమానించండి. ఇలాంటి ఇంజన్‌ని ఎంత ట్యూన్ చేసినా దండగే.

పెట్రోల్ సంగతి. కార్బ్యురేటర్‌కి కావాల్సింది రకాన్ని బట్టి సుమారు 3 నుంచి 7 పీఎస్ఐ, అదే ఇంజెక్షన్ ఇంజన్‌కి 40 నుంచి 60. పాత కారులో ఉన్న లైను, హోసులు, క్లిప్పులు మొదటిదానికి చేసినవి, వాటిలో రెండోదాన్ని పంపడం చాలా ప్రమాదం. ఇంజెక్షన్ కోసమే చేసిన హోసులు, దానికి తగ్గ క్లిప్పులు వేయండి, రెగ్యులేటర్ ఇంజన్ దగ్గర ఉంటే ట్యాంకుకి రిటర్న్ లైను కూడా కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. పాత ట్యాంకుల్లో చాలావాటికి లోపల అడ్డు రేకులు ఉండవు, మలుపు తిరిగితే పెట్రోల్ ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది. కార్బ్యురేటర్ బండికి అది తెలిసేది కాదు, ఎందుకంటే ఫ్లోట్ గిన్నెలో కాస్త పెట్రోల్ ఎప్పుడూ నిల్వ ఉంటుంది. ఇంజెక్షన్‌కి ఆ వెసులుబాటు లేదు, వెంటనే మిస్సింగ్ వస్తుంది. మధ్యలో ఒక చిన్న సర్జ్ ట్యాంక్ (ఎప్పుడూ పెట్రోల్ నిండి ఉండే చిన్న డబ్బా) పెడితే సరిపోతుంది.

వేడి విషయంలో కారే మీకు దారి చూపిస్తుంది, గమనించాలి అంతే. నిలబడి ఉన్నప్పుడు వేడెక్కి, కదలగానే చల్లబడితే గాలి సరిపోవడం లేదని అర్థం, ఫ్యాన్, దాని చుట్టూ ఉండే ష్రౌడ్ చూడండి. ఊళ్లో బాగానే ఉండి హైవే మీద వేడెక్కితే రేడియేటర్ చిన్నదైనా అయ్యుండాలి, పూడుకుపోయైనా ఉండాలి, లేదా పంపు పీల్చే వైపు కింది హోసు మెత్తబడి ముడుచుకుపోతూ ఉండాలి (రేస్ ఇచ్చి ఆ హోసునే చూస్తూ ఉండండి, కళ్లముందే నొక్కుకుపోతుంది). ఇంజన్ మార్చిన బండ్లలో రేడియేటర్ మూత ఇంజన్ పైభాగం కంటే కిందికి ఉండిపోవడం మామూలే, అప్పుడు గాలి లోపలే చిక్కుకుంటుంది. ముందు భాగం ఎత్తి, హీటర్ తెరిచి, మెల్లగా కూలెంట్ నింపండి. వేడి మీద మూత మాత్రం ఎప్పుడూ తీయొద్దు. 15 పీఎస్ఐ మూత మరిగే ఉష్ణోగ్రతని 20 డిగ్రీల సెల్సియస్‌కి పైగా పెంచుతుంది, తీసిన క్షణంలో లోపలున్నదంతా మరిగి మీద పడుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం గురించి ఎవరూ పట్టించుకోరు, బండిని పాడుచేసేది మాత్రం అదే. గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ ఎంత వాలులో ఉందో కొలవండి, డిఫరెన్షియల్ ముందు ఫ్లాంజ్ వాలు కూడా కొలవండి. ఒక షాఫ్ట్, రెండు యూనివర్సల్ జాయింట్లు ఉన్న మామూలు ఏర్పాటులో ఈ రెండూ సమాంతరంగా ఉండాలి, తేడా ఒక డిగ్రీ దాటకూడదు, ఒక్కో జాయింట్ దగ్గర మడత 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ఒక నిర్దిష్ట వేగం దగ్గర వణుకు వస్తుంటే, ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో క్లచ్ తొక్కి ఇంజన్ స్పీడు పడిపోనివ్వండి. వణుకు అలాగే ఉంటే ఇంజన్‌ని వదిలేయండి, షాఫ్ట్‌నో టైర్లనో చూడండి. గేర్‌బాక్స్ మౌంటింగ్ కింద కొన్ని మిల్లీమీటర్ల షిమ్ (ఎత్తు సర్దే పలుచటి రేకు) పెట్టగానే వణుకు మాయమైన బండ్లు ఉన్నాయి.

ఇంజన్ లోడ్ మీద మౌంటింగుల్లో ఊగుతుంది, నిలబడ్డప్పుడు కనిపించే సందు నిజమైన సందు కాదు. ఆయిల్ సంప్‌కీ దాని కింది అడ్డకమ్మీకీ మధ్య మెత్తటి మట్టిముద్ద ఒకటి అంటించి, చిన్న రౌండు వేసి రండి. ముద్ద అణిగి ఎంత మిగిలిందో అదే మీ సందు. స్టీరింగ్ రాడ్డు, బ్రేక్ పైపులు ఎగ్జాస్ట్‌కి ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా అప్పుడే చూసుకోండి.

ఇంకొకటి, బరువు. 1973లో వచ్చిన ఎంజీబీ జీటీ వీ8 ఇందుకు మంచి ఉదాహరణ: పాత 1.8 లీటర్ ఇనప ఇంజన్ స్థానంలో రోవర్ వారి 3.5 లీటర్ అల్యూమినియం వీ8 పెట్టినా ముక్కు బరువెక్కలేదు. అన్ని ఇంజన్లూ అలా ఉండవు. ముందు బరువు పెరిగితే స్ప్రింగులు, షాకులు మార్చాలి, బలం పెరిగితే ముందు బ్రేకులు మార్చాలి. ఈ రెండూ అయ్యాకే పికప్ గురించి ఆలోచించండి.

ఇప్పుడు ట్యూనింగ్‌కి వద్దాం. ముందు ఇగ్నిషన్, తర్వాతే పెట్రోల్, ఈ వరస తప్పొద్దు. టైమింగ్ లైట్ పట్టుకునే ముందు పుల్లీ మీది గుర్తు నిజమైనదేనా చూడండి, ఎందుకంటే మార్చిన ఇంజన్లలో పుల్లీ ఒకచోటిది, కవర్ ఇంకోచోటిది కావడం సాధారణం. బ్యాటరీ తీసేసి, మొదటి సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని పైదాకా పోనివ్వకుండా ఆపే బోల్టు లాంటి పనిముట్టు) బిగించి, ఇంజన్‌ని చేత్తో ఒక వైపు మెల్లగా ఆగేదాకా తిప్పి గుర్తు పెట్టండి, మళ్లీ రెండో వైపు తిప్పి గుర్తు పెట్టండి. రెండు గుర్తులకూ సరిగ్గా మధ్యలో ఉన్నదే అసలు టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం. నా స్నేహితుడి బండిలో ఇలా చూస్తే పుల్లీ గుర్తు పదకొండు డిగ్రీలు పక్కకుంది, అప్పటిదాకా ఆ బండికి పెట్టిన టైమింగులన్నీ తప్పే.

డిస్ట్రిబ్యూటర్ ఉంటే వ్యాక్యూమ్ పైపు తీసి మూసి, స్లో స్పీడ్‌లో టీడీసీకి 8 నుంచి 12 డిగ్రీల ముందు పెట్టి మొదలుపెట్టండి. పాతకాలపు, సిలిండర్‌కి రెండు వాల్వుల వీ8లకి 3000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం 32 నుంచి 36 డిగ్రీలు మామూలు, నాలుగు వాల్వుల హెడ్లకి అంతకంటే తక్కువ చాలు. మీ ఇంజన్ మాన్యువల్ వేరే అంకె చెప్తే దాన్నే పాటించండి. లోడ్ మీద గులకరాళ్లు డబ్బాలో ఊపినట్టు చప్పుడొస్తే అది నాకింగ్, వెంటనే యాక్సిలరేటర్ వదిలి టైమింగ్ వెనక్కి తగ్గించండి. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఉన్న ఇంజన్‌లో టైమింగ్‌ని స్క్రీన్ మీద ఒక అంకె దగ్గర కట్టేసి, పుల్లీ మీద లైట్ వేసి అదే అంకె కనిపిస్తోందా చూడండి. రెండూ కలవకపోతే మ్యాప్ ముట్టుకోవద్దు.

గాలి, పెట్రోల్ మిశ్రమానికి వైడ్‌బ్యాండ్ సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచి నిష్పత్తి చెప్పేది) ఒకటి కొనుక్కోండి, చెవితో, వాసనతో చేసే రోజులు పోయాయి. గాలికీ పెట్రోల్‌కీ సరి నిష్పత్తి బరువులో 14.7కి 1. నెమ్మదిగా నడిపేటప్పుడు ఆ చుట్టుపక్కల, టర్బో లేని ఇంజన్‌ని పూర్తిగా తొక్కినప్పుడు 12.5 నుంచి 13 మధ్య ఉండాలి. సెన్సర్ ముందు ఎగ్జాస్ట్‌లో చిన్న లీకున్నా బయటి గాలి దూరి, పెట్రోల్ తక్కువైందని అబద్ధం చెప్తుంది, కాబట్టి ముందు ఆ లీకు చూడండి. కార్బ్యురేటర్ స్లో స్పీడ్‌కి మాత్రం వ్యాక్యూమ్ గేజ్‌కి మించినది లేదు: స్క్రూ మెల్లగా తిప్పుతూ ముల్లు ఎక్కడ అత్యధికంగా నిలుస్తుందో అక్కడ ఆపండి. మంచి ఇంజన్‌లో అది 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య కదలకుండా నిలబడుతుంది. ముల్లు క్రమం తప్పకుండా టపటపా పడిపోతూ ఉంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని అనుమానించాలి, అది స్క్రూతో పోయే రోగం కాదు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది నోట్‌బుక్‌లో రాయండి. ఫుల్ లోడ్ సెట్టింగ్ రోడ్డు మీద చేయొద్దు, డైనో (కారు కదలకుండా నిలబెట్టి బలం కొలిచే యంత్రం) మీద చేయించండి.

అన్నీ అయ్యాక మౌంటింగ్, షాఫ్ట్, ఎగ్జాస్ట్ బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో బిగించి, బోల్టు తలమీద నుంచి పక్క రేకు దాకా రంగుపెన్నుతో ఒక గీత గీయండి. మొదటి వంద కిలోమీటర్లు నడిపి, చల్లారాక కింద దూరి టార్చి వేయండి. గీత ఎక్కడ విడిపోయిందో ఆ బోల్టు కదిలింది, అక్కడ ఎందుకు కదిలిందో కనుక్కున్నాకే మళ్లీ బిగించండి.