అమెరికాలో మీ ఊరి చిన్న విమానాశ్రయాన్ని కాపాడుకోవడం ఎలా?

2003 మార్చి 30 అర్ధరాత్రి వేళ, షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మెగ్స్ ఫీల్డ్ విమానాశ్రయంలోకి నగర పాలక యంత్రాంగం పంపిన బుల్డోజర్లు ప్రవేశించాయి. తెల్లవారేసరికి రన్‌వే మీద ఇంటూ గుర్తుల ఆకారంలో పెద్ద పెద్ద గోతులు పడ్డాయి. ఆదేశం ఇచ్చినది మేయర్ రిచర్డ్ డేలీ. అక్కడ నిలిపి ఉన్న 16 విమానాలు కదలలేని స్థితిలో చిక్కుకుపోయి, తరువాత పక్కనున్న ట్యాక్సీవే, అంటే విమానాలు రన్‌వే దాకా నేల మీద నడిచే దారి, మీదుగా ఎగిరి వెళ్ళవలసి వచ్చింది. ముందస్తు నోటీసు లేకుండా మూసినందుకు ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌ఏఏ, వేసిన జరిమానా 33,000 డాలర్లు మాత్రమే. విమానాశ్రయ నిధులను ఇతర పనులకు వాడుకున్నందుకు మరో 10 లక్షల డాలర్లు తిరిగి కట్టడానికి నగరం 2006లో ఒప్పుకుంది. రన్‌వే మాత్రం తిరిగి రాలేదు, ఆ నేల ఇప్పుడు ఉద్యానవనం.

ఆ సంఘటన తరువాత అలాంటి మూసివేతకు జరిమానాను రోజుకు 10,000 డాలర్లకు పెంచారు. అయినా తవ్వేసిన రన్‌వేను ఏ జరిమానా పూడ్చలేదు కనుక, కాపాడే పని బుల్డోజరు రాకముందే, ఇంకా చెప్పాలంటే ఆ ఆలోచన ఎవరికీ రాకముందే మొదలు కావాలి. చాలా చిన్న విమానాశ్రయాలకు మెగ్స్ ఫీల్డ్ లాంటి నాటకీయమైన ముగింపు ఉండదు. పక్క పొలంలో ఒక లేఅవుట్‌కు అనుమతి వస్తుంది, ఇళ్ళు లేస్తాయి, శబ్దంపై ఫిర్యాదులు మొదలవుతాయి, విమానాలను నిలిపే హ్యాంగర్ల లీజులు పునరుద్ధరణ కావు, చివరికి ఇరవై ఏళ్ళకు మూసివేత ప్రతిపాదన సహజమైనదిగా కనిపిస్తుంది. శివారు పట్టణాల్లో ఇల్లు కొనుక్కుని, పిల్లలను అక్కడే పెంచుతున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. విమానం నడపడం రాకపోయినా, ఆ పట్టణ పౌరులుగా ఈ క్రింది పనులన్నీ వారు చేయగలరు.

మొదటి మెట్టు: నేల ఎవరిది, దాని మీద ఏ హామీలు ఉన్నాయి?

అమెరికాలో ప్రజల వాడకానికి ఉన్న చిన్న విమానాశ్రయాల్లో ఎక్కువ భాగం నగరానికో కౌంటీకో చెందినవి, ఎఫ్‌ఏఏకి చెందినవి కావు. కాబట్టి మూసివేత నిర్ణయం చాలావరకు స్థానిక రాజకీయాల చేతిలోనే ఉంటుంది. ఆ చేతిని కట్టేది గ్రాంటు ఒప్పందాలే. రన్‌వే మరమ్మతుకో, కొత్త దీపాలకో ఎయిర్‌పోర్ట్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ కింద నగరం సమాఖ్య ధనం తీసుకున్నప్పుడు, ఖర్చులో సాధారణంగా కనీసం 90 శాతం ఆ ధనమే భరిస్తుంది. బదులుగా నగరం దాదాపు 40 హామీల పత్రంపై సంతకం చేస్తుంది. విమానాశ్రయాన్ని నడుపుతూనే ఉంటామని, చుట్టూ భూమి వినియోగం దానికి అనుకూలంగా ఉండేలా చూస్తామని, దాని ఆదాయాన్ని దానికే ఖర్చు చేస్తామని అందులో ఉంటుంది. ఈ హామీలు చాలావరకు చివరి గ్రాంటు తీసుకున్న నాటి నుంచి 20 ఏళ్ళ వరకు కట్టుబడి ఉంటాయి. సమాఖ్య ధనంతో భూమినే కొని ఉంటే ఆ బాధ్యతకు గడువే ఉండదు.

అందుచేత ముందుగా పబ్లిక్ రికార్డుల అభ్యర్థన పెట్టి మూడు పత్రాలు తెప్పించుకోండి: గ్రాంటు ఒప్పందాలన్నీ, భూమి దస్తావేజులు, విమానాశ్రయంలో ఇప్పుడున్న, రాబోయే కట్టడాలను చూపే ఆమోదం పొందిన ఎయిర్‌పోర్ట్ లేఅవుట్ ప్లాన్. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సైన్యం మిగులు ఆస్తిగా ఊళ్ళకు అప్పగించిన క్షేత్రాలు చాలా ఉన్నాయి. వాటి బదిలీ పత్రాల్లో శాశ్వత షరతులు ఉండే అవకాశం ఉంది కనుక దస్తావేజును చివరి పుట దాకా చదవాలి. చివరి గ్రాంటు తేదీని ప్రత్యేకంగా రాసిపెట్టుకోండి. నగరం కొన్నేళ్ళుగా గ్రాంటులకు దరఖాస్తే చేయడం మానేసిందంటే అది పొదుపు కాదు, గడువు ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూడటం. కాలిఫోర్నియాలోని సాన్ హోసేలో రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయాన్ని నడిపే శాంటా క్లారా కౌంటీ 2011 తరువాత గ్రాంటులు తీసుకోలేదు. ఆ కౌంటీకి కట్టుబాట్లు తీరే సంవత్సరంగా అందరూ చెప్పుకునేది 2031. ఇంత సరళమైన లెక్క ఎదుట ఉన్నా, మొదటి పదేళ్ళు దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే ఇలాంటి చోట్ల జరిగే అసలు నష్టం.

రెండో మెట్టు: కంచె బయట ఏం కడుతున్నారో చూడండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. విమానాశ్రయం గురించిన సభలకు జనం వస్తారు కానీ, దాని పక్కనున్న 40 ఎకరాల జోనింగ్, అంటే ఆ నేలను దేనికి వాడవచ్చన్న నిబంధన, మార్పు గురించిన ప్లానింగ్ కమిషన్ సమావేశానికి ఎవరూ రారు. పోరాటం ఓడిపోయేది ఆ ఖాళీ కుర్చీల మధ్యనే.

కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్ ఉదంతం దీనికి చక్కని పాఠం. 1989 అక్టోబరులో లోమా ప్రియెటా భూకంపం వచ్చి రోడ్లు మూసుకుపోయినప్పుడు, చిన్న విమానాల పైలట్లు స్వచ్ఛందంగా ఆహారం, మందులు మోసుకువచ్చి ఈ పట్టణ విమానాశ్రయంలోనే దించారు. ఆ మేలు అందుకున్న పట్టణమే కొన్నేళ్ళ తరువాత, పక్కనున్న బ్యూనా విస్టా ప్రాంతంలో పెద్ద ఎత్తున ఇళ్ళు కట్టించాలనుకుంది. విమానాశ్రయంలో గాలి అడ్డంగా వీచినప్పుడు వాడే రెండో రన్‌వే చివర ఉన్న భద్రతా మండలం ఆ ఇళ్ళకు అడ్డు వచ్చింది. అప్పుడు నగరం ఆ రన్‌వే మీద రాకపోకలు తక్కువన్న వర్గీకరణ చేసి, ఆ మండలాన్నే తన ప్రణాళిక నుంచి తొలగించింది. పైలట్ల సంఘం కోర్టుకు వెళ్ళింది. విమానాశ్రయం చుట్టూ భూమి వినియోగాన్ని చూసే ఎయిర్‌పోర్ట్ ల్యాండ్ యూజ్ కమిషన్ ఆ కౌంటీలో లేదు కాబట్టి, రాష్ట్ర రవాణా శాఖ చేతిపుస్తకంలోని భద్రతా ప్రమాణాలను నగరం పాటించి తీరాలని, తన సౌకర్యం కోసం వాటిని మార్చుకునే అధికారం దానికి లేదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ సంఘం గెలిచినది భావోద్వేగంతో కాదు, రాష్ట్ర చట్టంలోని ఒక నిబంధనతో. కనుక మీ రాష్ట్రంలో అలాంటి చట్టం ఏముందో వెతకండి. కాలిఫోర్నియాలో చాలా కౌంటీల్లో అలాంటి కమిషన్లు ఉంటాయి, వాటి అభిప్రాయాన్ని తోసిపుచ్చాలంటే నగర మండలిలో మూడింట రెండు వంతుల ఓటు కావాలి. వాషింగ్టన్ రాష్ట్ర చట్టం చిన్న విమానాశ్రయాల పక్కన పొసగని కట్టడాలను నిరుత్సాహపరచమని పట్టణాలను ఆదేశిస్తుంది. తరువాత ప్లానింగ్ కమిషన్ అజెండాలు ఈమెయిల్‌లో వచ్చేలా నమోదు చేసుకుని, రన్‌వేకు రెండు మైళ్ళ లోపు వచ్చే ప్రతి దరఖాస్తునూ ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని చదవండి. పూర్తిగా వ్యతిరేకించడం కంటే, ఇళ్ళ బదులు గోదాములు, చిన్న పరిశ్రమలు, పంటపొలాలు అక్కడ సరిపోతాయని చూపించడం మేలు. బిల్డరుకు లాభం, పట్టణానికి పన్ను వస్తాయి, రాత్రి నిద్ర చెడిందని ఫిర్యాదు చేసేవారు ఉండరు.

ఇళ్ళు ఎలాగూ వచ్చేటట్లయితే రెండు షరతులు అడగండి. మొదటిది, తమ స్థలం పైనుంచి విమానాలు వెళ్ళే హక్కును కొనుగోలుదారులు దస్తావేజులోనే అంగీకరించే గగనమార్గ హక్కు పత్రం. రెండవది, ఇల్లు అమ్మేటప్పుడు సమీపంలో విమానాశ్రయం ఉందన్న లిఖితపూర్వక నోటీసు. నగర మండలి సభ్యులకు ఇది వారి మేలు కోసమేనని చెప్పవచ్చు. నార్త్ కరోలినాలో యుద్ధ విమానాలు నెత్తిమీదుగా ఎగరడంతో బెదిరి కోళ్ళు చచ్చి కోళ్ళఫారం మూతపడిన కాస్బీ కుటుంబానికి నష్టపరిహారం పొందే హక్కు ఉందని సుప్రీం కోర్టు 1946లో చెప్పింది. అలాంటి పరిహారం చెల్లించవలసినది కేంద్ర ప్రభుత్వం కాదని, విమానాశ్రయం యజమాని అయిన స్థానిక సంస్థేనని 1962లో పిట్స్‌బర్గ్ సమీపంలోని గ్రిగ్స్ కేసులో తేల్చింది.

మూడో మెట్టు: ఎత్తు సంగతి

రన్‌వే సమీపంలో కట్టేవారు పని మొదలుపెట్టడానికి కనీసం 45 రోజుల ముందు ఎఫ్‌ఏఏకి తెలియజేయాలి. రన్‌వే 3,200 అడుగుల కంటే పొడవైనదైతే, 20,000 అడుగుల దూరం దాకా ప్రతి 100 అడుగులకు ఒక అడుగు ఎత్తు చొప్పున లెక్క కడతారు. అంటే 5,000 అడుగుల దూరంలో రన్‌వే మట్టానికి 50 అడుగులు మించిన కట్టడానికి నోటీసు తప్పనిసరి. భారతదేశంలో విమానాశ్రయాల దగ్గర ఎత్తైన భవనానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి ఎన్‌ఓసి లేనిదే ముందుకు వెళ్ళలేరని హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నవారికి తెలిసే ఉంటుంది. అమెరికాలో మాత్రం ఆ కట్టడం ప్రమాదకరమని ఎఫ్‌ఏఏ తేల్చినా, దాన్ని ఆపే అధికారం దానికి లేదు. ఆపవలసినది స్థానిక జోనింగ్ చట్టమే. మీ పట్టణంలో విమానాశ్రయ ఎత్తు పరిమితుల ఆర్డినెన్సు లేకపోతే, దాన్ని తెప్పించడం మీ మొదటి సంవత్సరపు లక్ష్యంగా పెట్టుకోండి.

నాలుగో మెట్టు: పొరుగువారి బాధ వినండి

శబ్దం గురించి ఫిర్యాదు చేసేవారిని శత్రువులుగా చూడటం పెద్ద పొరపాటు. విమానాశ్రయం ముందే ఉందని, తెలిసే ఇల్లు కొన్నారని వారితో అనడం నిజమే కావచ్చు కానీ, ఆ మాట ఒక్క ఓటునూ తెచ్చిపెట్టదు. ఫిర్యాదుకు రెండు రోజుల్లో జవాబిచ్చే ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఇళ్ళ మీద కాకుండా పొలాల మీదుగా మలుపు తిరగడం, రాత్రి పది తరువాత టచ్ అండ్ గో శిక్షణ, అంటే రన్‌వేను తాకి వెంటనే మళ్ళీ ఎగరడం, మానుకోవడం వంటి స్వచ్ఛంద పద్ధతులను ఫ్లైయింగ్ స్కూళ్ళ చేత రాయించి, పైలట్లకు కనిపించేలా పెట్టండి.

సీసం విషయంలో మరింత నిజాయితీ అవసరం. పిస్టన్ ఇంజన్ల విమానాలు వాడే 100 ఎల్‌ఎల్ ఇంధనంలో సీసం ఉంటుంది, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. రీడ్-హిల్‌వ్యూ చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం గురించి 2021లో వెలువడిన అధ్యయనం తరువాత, అక్కడ 2022 జనవరి 1 నుంచి ఆ ఇంధనం అమ్మకం ఆపేశారు. ఆందోళన పడే తల్లిదండ్రులను అతిశయోక్తి అంటూ కొట్టిపారేయడం న్యాయం కాదు. సీసం లేని ఇంధనం మీ విమానాశ్రయానికి ఎప్పుడు వస్తుంది, దాని ట్యాంకుకు డబ్బు ఎక్కడిది అని మీరే ముందు అడగండి. ఆ తల్లిదండ్రులు మీ పక్కన నిలబడతారు.

ఐదో మెట్టు: ఊరికి దాని పని కనిపించాలి

పట్టణంలో ఎక్కువమంది ఆ గేటు లోపలికి ఎన్నడూ అడుగుపెట్టి ఉండరు. ఏటా ఒక రోజు తలుపులు తెరవండి. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1992 నుంచి నడుపుతున్న యంగ్ ఈగల్స్ కార్యక్రమంలో 8 నుంచి 17 ఏళ్ళ పిల్లలను ఉచితంగా విమానంలో తిప్పుతారు. మీ ఊరి తెలుగు సంఘం పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళడం ఎంతో మంచి పని. ఎయిర్ అంబులెన్సులు, అగ్నిమాపక విమానాలు ఏడాదిలో ఎన్నిసార్లు దిగాయో మేనేజరును అడిగి, ఒక పేజీ నివేదికగా నగర మండలికి ఇవ్వండి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను పశ్చిమ నార్త్ కరోలినాలో రోడ్లను కొట్టుకుపోయేలా చేసినప్పుడు, హికరీ, కాంకర్డ్ లాంటి ఊళ్ళ నుంచి చిన్న విమానాలు నీరు, మందులు మోశాయి. ఇలాంటి ఉదాహరణ చెప్పేటప్పుడు మీ ఊరి లెక్కను దాని పక్కన పెట్టాలి, లేకపోతే అది ఎక్కడో జరిగిన కథగానే మిగులుతుంది.

విమానాశ్రయం నష్టాల్లో ఉందన్న వాదన వచ్చినప్పుడు పద్దులు తెరిపించండి. హ్యాంగర్ అద్దెలు ఎన్నేళ్ళుగా పెంచలేదు, హ్యాంగర్లకు వెయిటింగ్ లిస్టు ఉండగా కొత్తవి ఎందుకు కట్టలేదు, దాని ఆదాయం వేరే పనులకు మళ్ళిందా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. వీలైనంతవరకు తన ఖర్చు తానే భరించుకునేలా అద్దెలు ఉండాలన్నది నగరం ఇచ్చిన హామీల్లో ఒకటి.

ఆరో మెట్టు: ప్రతిపాదన అజెండాకు ఎక్కితే

విమాన యజమానులు, పైలట్ల జాతీయ సంఘమైన ఏఓపీఏ 1997 నుంచి విమానాశ్రయాల్లో స్వచ్ఛంద ప్రతినిధులను ఏర్పాటు చేసుకుంటోంది. మీ ప్రతినిధి ఎవరో కనుక్కుని వెంటనే కబురు చేయండి. పబ్లిక్ హియరింగులో ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు కనుక, నర్సు, రైతు, ఉపాధ్యాయుడు, దుకాణదారు తలో విషయం మాట్లాడేలా పంచుకోండి. పది మంది పైలట్లు ఒకే మాట చెప్పడం కంటే అది బలంగా ఉంటుంది.

హామీలు ఉల్లంఘిస్తున్నట్టు పత్రాల్లో తేలితే, ఎఫ్‌ఏఏ జిల్లా కార్యాలయానికి సమాఖ్య విమానయాన నిబంధనల్లోని పార్ట్ 13 కింద అనధికార ఫిర్యాదు రాయవచ్చు. దానికి వకీలు అవసరం లేదు. పార్ట్ 16 కింద అధికారిక ఫిర్యాదు మాత్రం ప్రత్యక్షంగా నష్టపోయేవారే, అంటే హ్యాంగర్ అద్దెదారు, ఫ్లైయింగ్ స్కూలు వంటివారే, ముందుగా రాజీకి ప్రయత్నించామని చూపించి వేయాలి. దానికి వకీలును పెట్టుకోవడం మంచిది. ఎఫ్‌ఏఏ చివరిదాకా మీ తరఫున నిలబడుతుందని మాత్రం అనుకోవద్దు. డీసీ-3 విమానం పుట్టిన శాంటా మోనికా విమానాశ్రయం విషయంలో నగరంతో దశాబ్దాల పాటు వాదులాడిన ఆ సంస్థే 2017 జనవరిలో రాజీపడింది. ఆ ఒప్పందం ప్రకారం 4,973 అడుగుల రన్‌వేను 3,500 అడుగులకు కుదించారు, 2028 డిసెంబరు 31 తరువాత దాన్ని మూసుకునే హక్కు నగరానికి దక్కింది.